చికెన్ అన్నం తిన్న చిన్ని ఎందుకు కుంటింది

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే, అదీ ఈ ఉక్కపోతలో, మన ఎంవీపీ కాలనీ వాళ్లే కాకుండా గాజువాక నుంచీ మధురవాడ నుంచీ కూడా కుక్కల్ని వెంటబెట్టుకుని వచ్చారు, చాలా సంతోషం. చెట్టు కింద నీళ్ల గిన్నెలు పెట్టించాను. దాహమేస్తే తీసుకెళ్లి తాగించండి, మధ్యలో లేచారని నేనేమీ అనుకోను.

ఇవాళ కుక్కల తిండి గురించి మాట్లాడుకుందాం. నేను పశువుల డాక్టర్ని కాదు. ఒక కాలేజీలో ఇరవై రెండేళ్లు న్యూట్రిషన్ పాఠాలు చెప్పాను, మనుషుల తిండి గురించి. ఆ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఇప్పుడు మీకు చెప్పబోయే తప్పు చేసింది నేనే.

ఆరేళ్ల కిందట మా ఇంటికి రెండు నెలల లాబ్రడార్ పిల్ల వచ్చింది. చిన్ని అని పేరు పెట్టుకున్నాం. ప్యాకెట్ తిండి వద్దు, ఇంట్లో శుభ్రంగా వండిందే పెడదాం అని నేనే పట్టుబట్టాను. రోజూ చికెన్ తెప్పించి, ఎముకలన్నీ ఏరేసి, మెత్తగా ఉడికించి, అన్నంలో కలిపి పెట్టేదాన్ని. అది గిన్నె అడుగు దాకా నాకేసేది, చూసి మురిసిపోయేదాన్ని. ఐదో నెల వచ్చేసరికి ముందు కాళ్లు దొడ్డికాళ్లలా వంగడం మొదలైంది, మెట్లు దిగమంటే దిగేది కాదు. ఒకరోజు సాయంత్రం సోఫా మీంచి దూకింది, అంతే, కుయ్యిమని అరిచి వెనక కాలు ఎత్తేసింది.

ఎక్స్‌రే తీశారు. డాక్టరు గారు ఫిల్మును వెలుతురుకి పట్టి చూపించారు. ఎముక తెల్లగా మెరవాలి కదా, చిన్ని ఎముకకీ చుట్టూ ఉన్న కండకీ తేడానే తెలియట్లేదు, రెండూ ఒకే బూడిద రంగు. తొడ ఎముకలో వెంట్రుక మందాన పగులు. "ఏం పెడుతున్నారమ్మా?" అని అడిగారు. చెప్పాను. "మరి ఇందులో కాల్షియం ఎక్కణ్నుంచి వస్తోంది?" అన్నారు. నా దగ్గర సమాధానం లేదు.

ఎక్స్‌రేలు, కట్టు, మందులు, మళ్లీ ఎక్స్‌రేలు, రెండు నెలల్లో 14,000 రూపాయలు దాటింది. డబ్బు సంగతి అలా ఉంచండి, పరుగులు పెట్టే వయసులో ఉన్న పిల్లని ఆరు వారాలు కదలనివ్వకుండా ఒక మూల ఉంచడం ఎంత కష్టమో, అది మన మొహంలోకి ఎలా చూస్తుందో, అనుభవించిన వాళ్లకే తెలుస్తుంది. ఆ ఆరు వారాల్లో కుక్కల తిండి గురించి దొరికిందల్లా చదివాను. ఇవాళ ఇక్కడ మాట్లాడుతున్నానంటే దాని వల్లే.

జరిగిందేంటో వివరంగా చెబుతాను, ఎందుకంటే మన ఊళ్లో సగం ఇళ్లల్లో ఇదే చికెన్ అన్నం నడుస్తోందని నా అనుమానం. ఉడికించిన 100 గ్రాముల చికెన్‌లో ఫాస్ఫరస్ 200 మిల్లీగ్రాముల పైనే ఉంటుంది, కాల్షియం మాత్రం 15 మిల్లీగ్రాములు, అంతే. అన్నంలోనూ కాల్షియం దాదాపు లేనట్టే. కుక్కకి ఈ రెండూ సమానంగానో, కాల్షియం కొంచెం ఎక్కువగానో అందాలి. అలా అందకపోతే రక్తంలో కాల్షియం తగ్గుతుంది, తగ్గితే గుండె దగ్గర్నుంచి కండరాల దాకా ఏదీ సరిగా నడవదు కాబట్టి, మెడ దగ్గరుండే పారాథైరాయిడ్ గ్రంథులు ఎముకల్లోంచి కాల్షియం లాగి రక్తంలోకి పంపిస్తాయి. రోజూ లాగుతాయి. అడవిలో తిరిగే జంతువు వేటాడిన దాన్ని ఎముకలతో సహా నమిలేస్తుంది, మనం ప్రేమకొద్దీ ఎముకలు ఏరేసి మెత్తటి కండ మాత్రం పెడతాం. అలాగని ఉడికిన ఎముకలు వెయ్యకండి, అవి పెళుసుగా విరిగి పేగుల్లో గుచ్చుకుంటాయి, ఆ ఆపరేషన్ ఖర్చు ముందు నా 14,000 ఏ మూలకీ రావు.

మరేం చెయ్యాలి? ఎదిగిన కుక్కలకైతే చవకైన దారి మన వంటింట్లోనే ఉంది, గుడ్డు పెంకు. పెంకులు కడిగి, పది నిమిషాలు నీళ్లలో మరిగించి, ఎండలో గలగలమనేలా ఆరబెట్టి, మిక్సీలో మైదాలాగా పట్టండి. వేళ్ల మధ్య రాస్తే గరుకు తగలకూడదు. ఒక గుడ్డు పెంకు దాదాపు ఒక టీస్పూను పొడి అవుతుంది, అందులో సుమారు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది. ఇంట్లో వండిందే తినే 10 కిలోల ఎదిగిన కుక్కకి రోజుకి అర టీస్పూను లోపే సరిపోతుంది. కుక్కపిల్లలకి లెక్క వేరు, కిడ్నీ జబ్బున్న వాటికి వేరు, వాటికి డాక్టర్ని అడక్కుండా వెయ్యొద్దు. ఇంకో మాట, మంచి ప్యాకెట్ తిండి తినే పిల్లలకి దాని మీద మళ్లీ కాల్షియం సిరప్ పోస్తుంటారు చాలామంది, బలం వస్తుందని. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, రాట్‌వీలర్ లాంటి పెద్ద జాతుల పిల్లలకి కాల్షియం ఎక్కువైనా ఎముకలు వంకర పెరుగుతాయి. సిరప్‌కి డబ్బు, తర్వాత కీళ్లకి డబ్బు.

అయితే పెంకు పొడితో అంతా సరిపోయిందని అనుకోకండి. జింక్, రాగి, అయోడిన్, విటమిన్ డి, విటమిన్ ఈ, ఇవన్నీ చికెన్ అన్నంలో తక్కువే. 2013లో కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ వాళ్లు కుక్కలకి ఇంట్లో వండిపెట్టే 200 వంటకాల్ని పరిశీలించారు, పుస్తకాల్లోవీ నెట్‌లోవీ, కొన్ని పశువైద్యులు రాసినవి కూడా. వాటిలో 95 శాతం వంటకాల్లో కనీసం ఒక ముఖ్యమైన పోషకం తక్కువైంది. వీడియోలో చూసి వండేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. అందుకే నా మట్టుకు నేను, మధ్యతరగతి ఇంట్లో అన్నిటికన్నా చవగ్గా, నిశ్చింతగా కుదిరే పద్ధతి ఇదని చెబుతాను: "సంపూర్ణ, సమతుల ఆహారం" అని రాసి ఉన్న మామూలు ధర ప్యాకెట్ ఆధారంగా పెట్టుకోండి, మీ చేతి వంట పదో వంతు దాటనివ్వకండి, ఒక రోజు గుడ్డు, ఒక రోజు ఉడికించిన గుమ్మడికాయ ముక్క, ఒక రోజు రెండు చెంచాల పెరుగు. పూర్తిగా వండే పెడతామంటే సంతోషమే, కానీ ఒక్కసారి డాక్టరు దగ్గర కూర్చుని లెక్క రాయించుకుని, ఆయన చెప్పిన విటమిన్ మినరల్ పొడి కలపండి. శాకాహారులు పెరుగన్నంతో సరిపెడుతుంటారు, దానికి మాంసకృత్తులు చాలవు, కనీసం గుడ్డుకైనా ఒప్పుకోండి, మీరు తినక్కర్లేదు కదా.

అన్నం కుక్కకి విషం అని ఈ మధ్య ఒక ప్రచారం నడుస్తోంది, ధాన్యం లేని ప్యాకెట్లు రెండింతల ధరకి అమ్ముతున్నారు. కుక్కలు తోడేళ్లనుంచి విడిపోయి మనిషి పంచన చేరాక పిండిపదార్థాన్ని అరిగించే జన్యువుల సంఖ్య వాటిలో పెరిగిందని 2013లోనే నేచర్ అనే సైన్స్ పత్రికలో వచ్చింది. ధాన్యం పడని కుక్కలు కొన్ని ఉంటాయి, డాక్టరు చెబితే మానండి, లేకపోతే ఆ అదనపు డబ్బు దండగ.

ఇప్పుడు ప్యాకెట్ వెనక్కి తిప్పండి. కిలో ఎంత అని చూస్తాం, అక్కడే మోసపోతాం. నేను ఒక ప్యాకెట్ తెచ్చాను, అంకెలు చదువుతాను రాసుకోండి. నూటికి ప్రోటీన్ 24, కొవ్వు 10, పీచు 5, తేమ 10. బూడిద అంటే ఖనిజాలు, చాలా ప్యాకెట్ల మీద రాయరు, 8 వేసుకోండి. మొత్తం 57, నూటిలోంచి తీస్తే 43, అది పిండిపదార్థం. ప్రోటీన్‌నీ పిండినీ 3.5తో, కొవ్వుని 8.5తో, అంటే గ్రాముకి వచ్చే కేలరీలతో, గుణించి కలిపితే 100 గ్రాములకి దాదాపు 320 కేలరీలు, కిలోకి 3,200. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన 10 కిలోల ఎదిగిన కుక్కకి రోజుకి 600 నుంచి 650 కేలరీలు కావాలి, అంటే ఈ తిండి సుమారు 200 గ్రాములు, నెలకి 6 కిలోలు. ఇప్పుడు రెండు రకాలు పక్కపక్కన పెట్టండి, ధరలు ఊరికే ఉదాహరణకి అంటున్నాను: ఒకటి కిలో 250, అందులో 3,000 కేలరీలు, ఇంకోటి కిలో 320, అందులో 4,000. వెయ్యి కేలరీలకి మొదటిది 83 పడుతుంది, రెండోది 80. ఖరీదైనదే చవక.

పెద్ద బస్తా కొంటే కలిసొస్తుందంటారు, నిజమే, నెలా నెలన్నరలో అయిపోతేనే. మనది సముద్రం ఒడ్డు. ఉప్పు డబ్బా మూత తీస్తే రెండు రోజుల్లో ముద్దకట్టే ఊరు ఇది. మూతి తెరిచిన బస్తాలో కొవ్వు ముక్కిపోతుంది, తేమ తగిలితే బూజు పడుతుంది, కొన్ని బూజుల్లో పుట్టే అఫ్లటాక్సిన్ అనే విషం లివర్‌ని తినేస్తుంది. 2005 చివర్లో అమెరికాలో బూజు పట్టిన మొక్కజొన్నతో చేసిన తిండి తిని చాలా కుక్కలు చనిపోయాయి. బస్తాని అలాగే గాలి చొరబడని డబ్బాలో దింపి మూత పెట్టండి. గోనెలోంచి దోసిలితో తీసి తూకానికి అమ్మే విడి తిండి కొనకండి, అది ఎప్పటిదో, ఎక్కడిదో, మూత ఎన్ని రోజులు తెరిచి ఉందో అడిగే దారి లేదు.

తిండి ఏదైనా, ఎంత అన్నది అంతకన్నా పెద్ద విషయం. అమెరికాలో 48 లాబ్రడార్లని జంటలుగా విడదీసి పద్నాలుగేళ్లు గమనించారు. జంటలో ఒకదానికి రెండోదానికన్నా పావు వంతు తక్కువ పెట్టారు. తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, వాటికి కీళ్ల నొప్పులు కూడా ఆలస్యంగా వచ్చాయి. 2002లో ప్రచురించారు. మన ఇళ్లల్లో మాత్రం తాతగారు టీ తాగుతూ రెండు మేరీ బిస్కెట్లు, పనమ్మాయి వెళ్తూ రెండు, స్కూలు నుంచి వచ్చిన పిల్లలు చెరో మూడు. పది బిస్కెట్లు అంటే 250 కేలరీలు, 10 కిలోల కుక్కకి రోజు తిండిలో మూడో వంతుకి పైనే. గిన్నెలో తగ్గించం, బిస్కెట్లు లెక్కలోకి రావు. తర్వాత మోకీళ్లు పట్టేస్తాయి, షుగర్ వస్తుంది.

లావైందో లేదో తూకం లేకుండా తెలుసుకోవచ్చు. గుప్పిట బిగించండి. కణుపుల మీద వేలు పెట్టి రాయండి, కుక్క పక్కటెముకలు అలా పొడుచుకొచ్చినట్టుంటే బక్కగా ఉంది. ఇప్పుడు చెయ్యి చాపి అరచేతి వెనక వైపు రాయండి, పల్చటి చర్మం కింద ఎముకలు తెలుస్తున్నాయి కదా, పక్కటెముకలు అలా తగలాలి. అరచెయ్యి తిప్పి బొటనవేలి కింద మెత్తటి చోట నొక్కండి, అలా ఉంటే లావు. కూర్చున్న చోటే మీ కుక్క మీద చూడండి.

పిల్లుల వాళ్లు ఇద్దరు ముగ్గురు కనిపిస్తున్నారు, మీకు రెండు మాటలు. పిల్లి చిన్న కుక్క కాదు, దానికి మాంసం లేకుండా గడవదు. టారిన్ అనే పదార్థం తక్కువైతే పిల్లి గుండె కండ సాగి నీరసించిపోతుందని 1987లో కాలిఫోర్నియాలో కనిపెట్టారు, కళ్లు కూడా పోతాయి. పాలన్నం మీద బతికే పిల్లికి జరిగేది అదే. నేను ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి చేపలు తెస్తుంటాను. అక్కడ ఒకామె నన్ను చూడగానే, "పిల్లికేనేటమ్మా? అయితే ఈ సిన్న కవళ్లు అట్టుకెళ్లు" అని చవగ్గా ఇస్తుంది. పచ్చివి పెట్టకండి, కొన్ని పచ్చి చేపల్లో బి1 విటమిన్‌ని పాడుచేసే ఎంజైమ్ ఉంటుంది. ఉడికించాక ఆ నీళ్లు పారబోయకండి, టారిన్ సగం ఆ నీళ్లలోకే దిగుతుంది, చేపతో పాటు అవీ పోసెయ్యండి. ఎండుచేపలు వద్దు, ఉప్పు. చేపలు ఎప్పుడో ఒకసారి పెట్టేవే, రోజూ పెట్టే తిండి పిల్లుల కోసం చేసిన సంపూర్ణ ఆహారమే కావాలి. మగపిల్లి మాటిమాటికీ ఇసుక తొట్టిలో కూర్చుని ఒంటేలు రాక అరుస్తుంటే తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి పరిగెత్తండి. అక్కడ పొదుపు చూసుకుంటే పిల్లి దక్కదు.

ఇంట్లో మిగిలిన కూర పెట్టేవాళ్లకి: ఉల్లి, వెల్లుల్లి కుక్కకీ పిల్లికీ ఎర్ర రక్తకణాల్ని పగలగొడతాయి, ఉడికినా అంతే. ద్రాక్ష, కిస్‌మిస్ కిడ్నీలకి ముప్పు. చాక్లెట్ వద్దు. ఆదివారం మిగిలిన బిర్యానీ, వేపుడు నూనె సోమవారం పాంక్రియాస్ (క్లోమం) వాపుగా ఆసుపత్రికి తీసుకెళ్తాయి, నాలుగు రోజులు సెలైన్లు.

టీకాల దగ్గరా, నట్టల మందు దగ్గరా, పిడుదుల మందు దగ్గరా ఒక్క రూపాయి తగ్గించుకోవద్దు. పార్వో, అదే వాంతులూ రక్తవిరేచనాలూ తెచ్చే వైరస్ జబ్బు, వచ్చిన కుక్కపిల్లకి పెట్టే ఖర్చులో చిన్న వంతు కూడా కాదు ఆ టీకా. రేబిస్ టీకా ఏటా జూలై 6న ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఉచితంగా వేస్తుంటారు, తేదీ రాసుకోండి.

చిన్నికి ఇప్పుడు ఆరేళ్లు. వెనక కాలు వానాకాలంలో కొంచెం ఈడుస్తుంది, అది ఇంక పోదు. బరువు మాత్రం రెండేళ్లుగా 26 కిలోల దగ్గరే ఉంది, ప్రతి నెలా మొదటి ఆదివారం నేను దాన్ని ఎత్తుకుని మెషిన్ ఎక్కి, తర్వాత నేనొక్కదాన్నే ఎక్కి, తీసేసి రాసుకుంటాను. ఆ మెషినూ, వంటింటి తూకమూ రెండూ తెచ్చాను, బెంచీ మీద ఉన్నాయి. మీరు ఇంట్లో పెట్టే గిన్నె ఎంత నిండేదో చూపించండి, గ్రాములు చూసి చెబుతాను. ముందు ఆ చివర తెల్ల పామెరేనియన్‌ని తీసుకురండమ్మా, అది ఇందాకట్నుంచి ఆయాసపడుతోంది.