వెనక వైపర్ ఆగిపోతే మోటారును చివర్లో అనుమానించండి

శ్రోతలకు నమస్కారం.

దాళ్వా కోతలయ్యాక, మృగశిర కార్తెలో తొలి వాన పడిన రోజు కాలువ గట్టు రోడ్డు మీద వెళ్లిన కారు వెనక అద్దం చూడండి. గడ్డి నలుసులు, మిల్లుల ఊక బూడిద, మట్టి, అన్నీ కలిసి అద్దానికి పూత వేసినట్టుంటాయి. వ్యాగన్ ఆర్, శాంత్రో, స్విఫ్ట్ లాంటి కార్లకు ఇది తప్పదు. వీటి వెనక భాగం నిటారుగా ఉంటుంది. కారు ముందుకు దూసుకెళ్తుంటే వెనక గాలి పీడనం తగ్గుతుంది. చక్రాలు లేపిన బురద నీళ్లు సుడి తిరిగి అద్దం మీదే పడతాయి. డిక్కీ పొడుగ్గా ఉన్న కార్లకు ఈ బాధ తక్కువ. వాటిలో చాలావాటికి వెనక వైపరే ఉండదు.

పదేళ్లు దాటిన కారులో ఈ వైపర్ కదలకపోతే చాలాచోట్ల వినిపించే మొదటి మాట, "మోటారు పోయిందండీ, మార్చాలి" అని. ఆ మాటకి వెంటనే డబ్బులు తీయకండి. మోటారు చివరి ముద్దాయి. అంతకంటే ముందు చూడాల్సినవి చాలా ఉన్నాయి.

మొదట చెవితో పరీక్ష చేయండి. తాళం ఆన్ చేసి, ఇంజిన్ వేయకుండా, అద్దం తడిపి, ఒకరిని స్విచ్ వేయమనండి. మీరు డిక్కీ డోరుకి చెవి ఆనించండి. ఏ చప్పుడూ లేకపోతే కరెంటు అందడం లేదన్నమాట, లేదా మోటారు లోపలే తెగింది. "గూం" అని మూలుగుతూ వైపర్ చేయి, అంటే బ్లేడు బిగించే కడ్డీ, కదలకపోతే దాన్ని తిప్పే ఇరుసు పట్టేసింది. స్విచ్ వెంటనే ఆపేయండి, లేకపోతే మోటారు చుట్ట వేడెక్కి నిజంగానే కాలిపోతుంది. మోటారు హాయిగా తిరుగుతూ చేయి మాత్రం కదలకపోతే చేయి అడుగున నట్టు వదులైంది, లేదా దాని పళ్లు అరిగాయి. ఇది అయిదు నిమిషాల పని.

చప్పుడు లేని కేసులో ముందు ఫ్యూజు. ఫ్యూజు పెట్టె మూత లోపల బొమ్మ ఉంటుంది. వెనక వైపర్‌కి సాధారణంగా 10 లేదా 15 ఆంపియర్లు. 10ది ఎర్రగా, 15ది నీలంగా ఉంటుంది. కాలిపోతే అదే విలువది వేయండి. మళ్లీ కాలిందంటే ఎక్కడో వైరు బాడీకి తగులుతోంది, లేదా ఇరుసు బిగిసి మోటారు ఎక్కువ కరెంటు లాగుతోంది. కాలిన ఫ్యూజు స్థానంలో సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టడం, 30 ఆంపియర్లది గుచ్చడం మన దగ్గర ఇంకా చూస్తూనే ఉంటాం. అలా చేస్తే ఫ్యూజుకి బదులు వైర్లు కాలతాయి.

ఫ్యూజు బాగానే ఉంటే నేరుగా డిక్కీ డోరు కీళ్ల దగ్గరికి వెళ్లండి. బాడీకీ డోరుకీ మధ్య ముడతల రబ్బరు గొట్టం ఉంటుంది. వైర్లన్నీ అందులోంచే వెళ్తాయి. డోరు తెరిచి మూసిన ప్రతిసారీ అవి వంగుతాయి. ఏళ్ల తరబడి వంగి వంగి, పైన ప్లాస్టిక్ బాగానే ఉన్నా లోపలి రాగి తీగ తెగుతుంది. నంబర్ ప్లేటు దీపం, వెనక అద్దం వేడి చేసే గీతలు, డోరు లాక్ కూడా అప్పుడప్పుడూ పనిచేసి అప్పుడప్పుడూ మానేస్తుంటే ఇక అనుమానం అక్కర్లేదు. స్విచ్ ఆన్‌లో ఉంచి ఆ గొట్టాన్ని అటూ ఇటూ కదపండి. వైపర్ ఒక్క కుదుపు కదిలినా తెగినచోటు దొరికినట్టే.

బాగుచేయడానికి బ్యాటరీ నెగటివ్ తీసేసి, గొట్టం రెండు చివరలూ ఊడదీసి, ఒక్కో వైరునీ మెల్లగా లాగి చూడండి. తెగినది సాగుతుంది. తెగిన చోటే మెలిపెట్టి టేపు చుడితే కొద్ది నెలల్లో మళ్లీ అక్కడే తెగుతుంది. అదే మందం ఉన్న, సన్నటి పోగులున్న మెత్తటి కొత్త వైరు ముక్క వేసి, రెండు అతుకులూ వంపు తిరిగే భాగంలో రాకుండా, ఒకటి బాడీ లోపలికి, ఒకటి డోరు లోపలికి వెళ్లేలా సోల్డర్ చేయండి. పైన వేడికి ముడుచుకునే స్లీవు వేయాలి. అన్ని వైర్ల అతుకులూ ఒకేచోట గుత్తిగా పడకూడదు. అంతర్వేది, ఓడలరేవు, పేరుపాలెం వైపు తిరిగే బండ్లకి ఇది మరీ ముఖ్యం. ఆ ఉప్పుగాలికి టేపు కింద రాగి పచ్చగా చిలుము పడుతుంది.

అక్కడా తేడా లేకపోతే డోరు లోపలి ప్యాడు క్లిప్పులు ఊడదీసి మోటారు సాకెట్ దగ్గర పరీక్షించాలి. మీటరు కంటే 12 వోల్టుల, 21 వాట్ల బల్బు మేలు. ఒక్క పోగు మిగిలిన వైరులో కూడా మీటరు 12 చూపిస్తుంది, బల్బు మాత్రం వెలగదు. స్విచ్ వేసి, బల్బు ఒక కొసని కరెంటు వచ్చే వైరుకీ రెండో కొసని బాడీ బోల్టుకీ పెట్టండి. వెలిగితే రెండో కొసని సాకెట్‌లోని ఎర్త్ వైరుకి మార్చండి. అప్పుడు ఆరిపోతే ఎర్త్ చెడింది, మోటారుది తప్పు కాదు. రెండుచోట్లా వెలిగి, మోటారు మాత్రం కదలకపోతే అప్పుడు మోటారు విప్పండి.

ఇక మూలిగే మోటారు సంగతి. ఇరుసు బయటికి వచ్చే చోట ఉన్న రబ్బరు సీలు ఎండిపోతే నీళ్లు దిగుతాయి. చుట్టూ ఉన్న అల్యూమినియం తెల్లగా పొడిబారి స్టీలు ఇరుసును పట్టేస్తుంది. చేయి తీసే ముందు అది ఆగే చోట అద్దం మీద టేపు అతికించి గుర్తు పెట్టుకోండి. మూత తీసి, 10 లేదా 13 నంబరు నట్టు విప్పి, తుప్పు వదిలించే నూనె కొట్టి రాత్రంతా వదిలేయండి. తర్వాత అటూ ఇటూ ఊపుతూ లాగండి, మొరాయిస్తే పుల్లర్ (బిగిసినదాన్ని లాగే పనిముట్టు) పెట్టండి. అద్దానికి ఆనించి స్క్రూడ్రైవరుతో ఎత్తడం, మోటారు డోరు మీద ఉండగా ఇరుసును సుత్తితో కొట్టడం, ఈ రెండూ వద్దు. కొన్ని కార్లలో ఇరుసు అద్దంలోంచే వస్తుంది, అది పగిలితే ఖర్చు మోటారుని మించుతుంది.

మోటారు బయటికి తీశాక ఇరుసు లాగి, 400 నంబరు నీటి కాగితంతో (తడిపి రుద్దే గరుకు కాగితం) రుద్ది, గ్రీజు పూసి, కొత్త రబ్బరు రింగు వేయండి. అదే సమయంలో గేరు మూత తీస్తే ఇత్తడి చక్రం, దానిమీద రాసుకునే స్ప్రింగు రేకులు కనిపిస్తాయి. పాత గ్రీజు గడ్డకట్టి ఆ రేకులు అంటకపోతే వైపర్ స్విచ్ ఆపిన చోటే, అద్దం మధ్యలో నిలబడిపోతుంది. పెట్రోలు తడిపిన గుడ్డతో తుడిస్తే చాలు, రేకుల్ని గట్టిగా వంచకండి. తాళం ఆన్ చేసినంతసేపూ కరెంటు ఉండాల్సిన వైరు ఆ రబ్బరు గొట్టంలో తెగినా ఇదే లక్షణం కనబడుతుంది. అందుకే ముందు వైర్లు చూడమన్నది. చేయి బిగించే ముందు ఒకసారి స్విచ్ వేసి ఆపండి, మోటారు తన స్థానానికి వస్తుంది. అప్పుడు టేపు గుర్తు దగ్గర చేయి పెట్టండి.

పాత సామాను షాపులో మోటారు కొనాల్సివస్తే, అక్కడే 12 వోల్టుల బ్యాటరీకి తగిలించి తిప్పించండి. సాకెట్ పిన్నుల సంఖ్య, ఇరుసు పళ్లు, బోల్టుల కన్నాలు మీ పాతదానితో పోల్చుకోండి. కాబట్టి పాతది పట్టుకెళ్లండి.

నీళ్లు చిమ్మడం లేదా? చాలా కార్లలో ఒకే పంపు ఒక దిక్కుకి తిరిగితే ముందుకి, మరో దిక్కుకి తిరిగితే వెనక్కి నీళ్లు పంపుతుంది. ముందు చిమ్ముతూ వెనక రాకపోతే నీళ్ల గొట్టం ఊడిందో, నీళ్లు చిమ్మే ముక్కు పూడిందో చూడండి. డిక్కీ లోపల తడి కనిపిస్తే ఊడినట్టే. మన తీరప్రాంతపు బోరు నీళ్లు పోస్తే ఉప్పు పేరుకుంటుంది, కాలువ నీళ్లలో మట్టి ఉంటుంది. తాగే నీళ్లు పోయండి. ముక్కు పూడితే సన్నటి గుండుసూదితో తీయొచ్చు.

రబ్బరు బ్లేడు పగుళ్లిస్తే మార్చడమే. ఎక్కువగా 10 నుంచి 14 అంగుళాల మధ్య ఉంటుంది, పాతది కొలిచి తెచ్చుకోండి. దుమ్ము పట్టిన పొడి అద్దం మీద మాత్రం వైపర్ వేయకండి, మట్టి గీతలు ఇక పోవు.

ప్యాడు తిరిగి బిగించే ముందు ఒక పని మిగిలి ఉంది. డోరు అడుగున నీళ్లు పోవడానికి చిన్న కన్నాలుంటాయి. ఊక, మట్టి చేరి అవి మూసుకుపోతే నీళ్లు డోరులోనే నిలిచి మోటారు పక్కనే తుప్పు మొదలవుతుంది. సన్నటి పుల్లతో గుచ్చి, చెంబుడు నీళ్లు పోసి కిందకి కారుతున్నాయో లేదో చూసుకుని, అప్పుడు క్లిప్పులు నొక్కండి. నమస్కారం.