బాధితురాలే అయితే తాళం ఎందుకు?

(స్టూడియో చర్చ పూర్తి పాఠం. పాల్గొన్నవారు: ఒక చరిత్ర అధ్యాపకురాలు, ఒక న్యాయవాది, సెక్స్ వర్కర్ల హక్కుల కోసం పనిచేసే ఒక కార్యకర్త.)

సంధానకర్త: నమస్కారం. సోషలిస్టు దేశాల్లో వ్యభిచారం, మత్తుమందులు లేకుండా పోయాయని చిన్నప్పుడు మా ఇంట్లో తరచూ వినేవాణ్ణి. అక్కడ నిజంగా ఏం చేశారు, చట్టంలో ఏం రాసుకున్నారు అన్నదే ఈ రోజు చర్చ. మేడమ్, మీరు మొదలుపెట్టండి.

అధ్యాపకురాలు: 1949 నవంబరు 21. ఆ రోజు బీజింగ్ ప్రజాప్రతినిధుల సభ వ్యభిచార గృహాలన్నీ మూసేయాలని తీర్మానించింది. ఆ రాత్రే రెండు వేలకు పైగా పోలీసులు, కార్యకర్తలు ఊరంతా దిగారు. తెల్లారేసరికి 224 గృహాలకు తాళాలు పడ్డాయి. 1,200 మందికి పైగా ఆడవాళ్లను శిక్షణ గృహాలకు తీసుకెళ్లారు. పరీక్ష చేయిస్తే పదిమందిలో తొమ్మిదిమందికి పైగా సుఖవ్యాధులు! అప్పట్లో పెన్సిలిన్ దొరకడమే కష్టం, అయినా తెప్పించి వాళ్లకు వాడారు. చదువు చెప్పారు, కుట్టుపని, నేతపని నేర్పారు. వాళ్లలో ఎంతోమంది చిన్నప్పుడే అమ్ముడుపోయినవాళ్లు. వాళ్ల మెడకు కట్టిన అప్పులు చెల్లవని ప్రభుత్వం ప్రకటించింది. ఈ పని చిన్నది కాదు.

కార్యకర్త: చిన్నదని నేనూ అనను మేడమ్. అప్పు రద్దు కావడం ఎంత పెద్ద సంగతో మా ఆడవాళ్లను అడిగితే చెబుతారు. కానీ గేటు బయటినుంచి వేశారు కదా!

అధ్యాపకురాలు: వేశారు. 1951లో షాంఘైలో ఇదే పని జరిగినప్పుడు ఆడవాళ్లు ఏడ్చారు, ఎదురుతిరిగారు కూడా. మమ్మల్ని ఎక్కడికి పంపేస్తారో అని భయం.

న్యాయవాది: ఆ గేటు దగ్గరే నాకు పేచీ. 1949ని విప్లవ కాలం, అత్యవసర పరిస్థితి అనుకుందాం. 1991లో అత్యవసరం ఏముంది? ఆ ఏడాది చైనా చేసిన చట్టం ప్రకారం సెక్స్ వర్క్ చేసినవాళ్లను, వాళ్ల దగ్గరికి వెళ్లినవాళ్లను ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా 'నిర్బంధ విద్య' పేరుతో లోపల పెట్టొచ్చు. ఎవరు నిర్ణయిస్తారు? పోలీసులే. కోర్టు లేదు, విచారణ లేదు. పైగా లోపల తిండి ఖర్చు మామూలుగా వాళ్లో, వాళ్ల ఇంటివాళ్లో భరించాలి. 2019 డిసెంబరు చివర్లో దాన్ని ఎత్తేశారు. కానీ పది, పదిహేను రోజుల పోలీసు నిర్బంధం, 5,000 యువాన్ల దాకా జరిమానా ఇప్పటికీ ఉన్నాయి.

సంధానకర్త: అంటే అక్కడ అది నేరం కాదా సార్?

న్యాయవాది: ఒళ్లు అమ్ముకోవడం నేరశిక్షాస్మృతి కిందికి రాదు. నడిపించేవాళ్లు, బలవంతంగా దించేవాళ్లు మాత్రం నేరస్తులు. వినడానికి ఎంతో ఉదారంగా ఉంటుంది. కానీ నేరం కాకపోవడం వల్లే కోర్టు కూడా లేకుండా పోయింది. దొంగకు శిక్షకు ముందు దొరికే లాయరు, సాక్ష్యాల విచారణ ఆమెకు లేవు. సోవియట్ యూనియన్‌దీ అదే కథ. 1922 నాటి చట్టం తార్చేవాళ్లనే శిక్షించింది. ఆ ఆడవాళ్లను 1961 తర్వాత 'పని చేయకుండా బతికేవాళ్లు' అనే ముద్ర కింద పట్టుకుని ఊరు దాటించేవారు. క్యూబాలోనూ ఆ పని నేరం కాదు, కానీ 'ప్రమాదకర స్వభావం' అనే నిబంధన కింద ఏళ్ల తరబడి లోపల వేసేవారు. 2022 శిక్షాస్మృతిలో గానీ అది పోలేదు.

సంధానకర్త: మరి డ్రగ్స్ సంగతి?

అధ్యాపకురాలు: నల్లమందు అంటే చైనావాళ్లకు దాని వ్యాపారం కోసం బ్రిటన్ చేసిన యుద్ధాల్లో ఓడిన అవమానం. 1950 ఫిబ్రవరిలో నిషేధించారు, రెండేళ్ల తర్వాత దేశమంతా పెద్ద ఉద్యమం నడిపారు. వ్యాపారులకు మరణశిక్షలు వేశారు. రైతుకు భూమి పంచడంతో గసగసాల పంట పీకి తిండిగింజలు వేయించడం సాధ్యమైంది. ఈ భూమి సంగతి వదిలేసి మరణశిక్షలొక్కటే గుర్తుపెట్టుకుంటే పొరపాటు.

న్యాయవాది: ఇప్పుడు అక్కడ 50 గ్రాముల హెరాయిన్ అమ్మితే పదిహేనేళ్ల నుంచి మరణశిక్ష దాకా పడొచ్చు. మన చట్టంలో పెద్ద మొత్తం అనాలంటే 250 గ్రాములు ఉండాలి. వాడకం మాత్రం అక్కడ నేరం కాదు. కానీ వ్యసనపరుడని పోలీసులు తేలిస్తే రెండేళ్లు నిర్బంధ చికిత్సకు పంపొచ్చు. బయటికొచ్చాక కూడా పేరు రికార్డులోనే ఉంటుంది. ఏ హోటల్లోనో గుర్తింపు కార్డు చూపిస్తే పోలీసులు తలుపు తట్టి మూత్రపరీక్ష అంటారు.

కార్యకర్త: వియత్నాం సంగతి చెప్పాలి సార్. అక్కడ సెక్స్ వర్కర్ల కేంద్రాలను 05 అనేవారు, డ్రగ్స్ వాడేవాళ్లవి 06. 1993లో వచ్చిన ప్రభుత్వ తీర్మానాల నంబర్లే పేర్లయ్యాయి. 06 కేంద్రాల్లో చికిత్స పేరుతో జీడిపప్పు ఒలిపించారు. పలాస వైపు జీడిపిక్కలు కొట్టేవాళ్ల చేతులు చూడండి, జీడి అంటుకుంటే చర్మం ఎలా కాలుతుందో తెలుస్తుంది. 2012లో చేసిన చట్టంతో 05 కేంద్రాలు పోయాయి, జరిమానాతో సరిపెడుతున్నారు. ఆ మార్పు నాకు సంతోషం. కానీ 06 అలాగే ఉంది. ఇప్పుడు కోర్టు ఉత్తర్వు కావాలి, అంతే తేడా.

అధ్యాపకురాలు: ఒక్క మాట. పేదరికమే ఈ పనిలోకి తోసిందని గుర్తించి, ఆ పేదరికం మీద చెయ్యి వేసిన దేశాలవి. దాన్ని తీసిపారేయొద్దు.

కార్యకర్త: తీసిపారేయను మేడమ్. నాకు బాధ కలిగేది కూడా అందుకే. బాధితురాలివి అని చెప్పినవాళ్లే తాళం వేశారు. అయినా మనకేం తక్కువ? వ్యభిచార నిరోధానికి 1956లో చేసిన మన చట్టం ప్రకారం కూడా పోలీసులు తెచ్చిన ఆడమనిషిని మేజిస్ట్రేటు రక్షణ గృహంలో ఏడాది నుంచి మూడేళ్లు ఉంచొచ్చు.

న్యాయవాది: ఇష్టం లేకుండా ఉంచిన మేజర్ మహిళలను గుర్తించి విడుదల చేయాలని 2022 మేలో సుప్రీంకోర్టు చెప్పింది.

కార్యకర్త: చెప్పింది. ఆ తర్వాతే ఒక హోమ్‌లో ఒకామె నన్ను అడిగింది: "నేను తప్పు చేశానని జడ్జిగారు అనలేదు కదక్కా, మరి పాప పదో తరగతి పరీక్షలకైనా పంపరేం?" అని.

సంధానకర్త: ఆమె బయటికి వచ్చారా అమ్మా?

కార్యకర్త: ఏడు నెలలకు వచ్చింది. పాప ఆ ఏడాది పరీక్ష రాయలేదు.