బడికి అక్కర్లేని కాగితం ఇవ్వకండి: అమెరికా స్కూళ్లు, ఇమ్మిగ్రేషన్ అధికారులపై చర్చ

యాంకర్: నమస్కారం. బడులు, ఆసుపత్రులు, ప్రార్థనా స్థలాల జోలికి మామూలుగా వెళ్లకూడదని అమెరికా ఇమ్మిగ్రేషన్ అధికారులకు ఏళ్లుగా ఉన్న ఆదేశాన్ని 2025 జనవరిలో ట్రంప్ ప్రభుత్వం ఎత్తేసింది. అప్పటి నుంచి చాలా ఇళ్లలో ఒకటే టెన్షన్. లాయర్ గారూ, ఇక అధికారులు నేరుగా క్లాసులోకి వచ్చేయొచ్చా?

న్యాయవాది: అలా రాలేరండి. పోయింది వాళ్ల శాఖ తనకు తాను పెట్టుకున్న నియమం. రాజ్యాంగం అలాగే ఉంది. ప్రాణాపాయం లాంటి అత్యవసరం ఉంటే తప్ప, బయటివాళ్లకు ప్రవేశం లేని చోటికి రావాలంటే జడ్జి సంతకం చేసిన వారెంట్ కావాలి, లేదా బడివాళ్లు ఒప్పుకోవాలి. ఇమ్మిగ్రేషన్ అధికారులు చాలాసార్లు తెచ్చేది ఐ-200 అనే ఫారం. దాని మీద వారెంట్ అనే ఉంటుంది, కానీ కింద సంతకం ఇమ్మిగ్రేషన్ అధికారిది. జడ్జి సంతకం ఉండదు. ఆ తేడా ఫ్రంట్ ఆఫీసులో కూర్చునే ఉద్యోగికి తెలిసి ఉండాలి. తలుపు తీసేది వాళ్లే కదా!

టీచర్: లాస్ ఏంజెలెస్‌లో జరిగింది చూడండి. 2025 ఏప్రిల్‌లో ఇమ్మిగ్రేషన్ వ్యవహారాలు చూసే హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ శాఖ ఏజెంట్లు రెండు ఎలిమెంటరీ స్కూళ్లకు వెళ్లి, కొందరు పిల్లల్ని చూడాలన్నారు. పిల్లల క్షేమం కనుక్కోవడానికే వెళ్లామని శాఖ చెప్పింది. కుటుంబాల అనుమతి ఉందని ఏజెంట్లు అన్నారట. అలాంటి అనుమతి ఎవరూ ఇవ్వలేదని అప్పటి లాస్ ఏంజెలెస్ స్కూళ్ల సూపరింటెండెంట్ కార్వాల్హో తర్వాత చెప్పారు. రెండుచోట్లా ప్రిన్సిపాళ్లు లోపలికి రానివ్వలేదు. ఆ ప్రిన్సిపాళ్లకు నేను చేతులెత్తి మొక్కుతాను.

తల్లి: మేం హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నామండీ. కాగితాలన్నీ సక్రమంగానే ఉన్నాయి. ఇది మాకు సంబంధించిన విషయమేనా?

న్యాయవాది: అమ్మా, మీ పాపని బడిలో చేర్చినప్పుడు ఏమేం ఇచ్చారు?

తల్లి: ఫోల్డర్ మొత్తం. పాస్‌పోర్టు, వీసా, దేశంలోకి వచ్చినట్టు చూపే ఐ-94, మావారి వీసా అనుమతి నోటీసు ఐ-797...

న్యాయవాది: అడిగారా?

తల్లి: లేదండీ. ఏది అడిగినా ఉంటుందని మేమే ఇచ్చేశాం.

టీచర్: మన తెలుగువాళ్లు చాలామంది ఇంతే మేడమ్. బడికి కావలసింది వయసు రుజువు, ఆ పరిధిలో ఉంటున్నారని చూపే అద్దె ఒప్పందమో కరెంటు బిల్లో, టీకాల కార్డు. వీసాతో పనిలేదు.

న్యాయవాది: హెచ్-1బీ మీద ఉద్యోగం పోతే ఇంకో దారి చూసుకోవడానికి చేతిలో ఉండేది గరిష్ఠంగా 60 రోజులు. ఈ రోజు ఉన్న స్టేటస్ రేపు ఉంటుందని చెప్పలేం. బడి ఫైల్లో ఆ కాపీ మాత్రం పడి ఉంటుంది. బడి దగ్గర లేని కాగితాన్ని ఎవరు అడిగినా ఇవ్వలేదు కదా. ఇంతకు మించిన రక్షణ నాకు తెలిసి లేదు.

యాంకర్: ఉన్న రికార్డుల సంగతి?

న్యాయవాది: విద్యార్థుల రికార్డుల గోప్యత కోసం 1974లో వచ్చిన ఫెర్పా చట్టం ప్రకారం వాటిని తల్లిదండ్రుల ఒప్పుకోలు లేకుండా బయటికి ఇవ్వకూడదు. కోర్టు ఆదేశమో, రికార్డులు ఇమ్మని చట్టబద్ధంగా పంపే సమన్లో (సబ్‌పీనా) వస్తే ఇవ్వొచ్చు. అప్పుడు కూడా చాలావరకు ముందుగా తల్లిదండ్రులకు చెప్పే ప్రయత్నం చేయాలి. కానీ ఇందులో రెండు కంతలున్నాయి. ఒకటి, స్కూల్ పోలీసు విభాగం తన పనికోసం రాసుకునే రికార్డులు ఫెర్పా కిందకి రావు. రెండోది డైరెక్టరీ ఇన్ఫర్మేషన్. పేరు, అడ్రస్, ఫోన్ నంబరు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు కూడా అందులో చేర్చుకోవచ్చు. వద్దని మీరు రాసివ్వకపోతే, అడిగినవాళ్లకు బడి ఇవ్వొచ్చు.

టీచర్: అలా వద్దని చెప్పే ఫారం బడి తెరిచే రోజుల్లో లంచ్ అకౌంటు, ఫొటో పర్మిషన్ కాగితాలతో కలిపి వస్తుంది. చదవకుండా సంతకాలు పెట్టేస్తారు.

యాంకర్: అమెరికాలో ఉండటానికి పత్రాలు లేని కుటుంబాల పిల్లలకు అసలు బడి ఎందుకు అనేవాళ్లూ ఉన్నారు.

న్యాయవాది: అది 1982లోనే తేలింది. పత్రాలు లేని పిల్లల చదువుకి డబ్బివ్వనని టెక్సాస్ 1975లో చట్టం చేసింది. అక్కడి టైలర్ స్కూల్ డిస్ట్రిక్ట్ అలాంటి ఒక్కో పిల్లాడికి ఏడాదికి 1,000 డాలర్లు కట్టమంది. ప్లైలర్ వర్సెస్ డో కేసులో సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఆ చట్టాన్ని కొట్టేసింది. తల్లిదండ్రులు చేసినదానికి పిల్లల్ని శిక్షించకూడదంది.

టీచర్: అయినా 2011లో అలబామా, చేరే పిల్లల ఇమ్మిగ్రేషన్ వివరాలు కనుక్కోమని బడులకు చెప్పింది. చాలామంది హిస్పానిక్ పిల్లలు బడికి రావడమే మానేశారు. తర్వాత అప్పీలు కోర్టు దాన్ని ఆపింది. భయపడి ఇంట్లో కూర్చున్న పిల్లలకి ఆ పాఠాలు ఎవరు చెప్తారు?

తల్లి: ఇప్పుడు నేనేం చేయాలి?

టీచర్: రేపే ఆఫీసుకెళ్లి డైరెక్టరీ ఇన్ఫర్మేషన్ ఇవ్వొద్దని రాసివ్వండి. ఫైల్లో వీసా కాపీలు ఉంటే తీసేయమని అడగండి. ఎమర్జెన్సీ కార్డు మీద ఎవరి పేర్లున్నాయి?

తల్లి: నాది, మావారిది.

టీచర్: ఇద్దరూ రాలేని రోజున పాపని ఎవరికి అప్పగించాలో మాకు తెలియదు మేడమ్. దగ్గర్లో ఉన్న, మీరు నమ్మే ఇంకో ఇద్దరి పేర్లు వాళ్లని అడిగి రాయండి.