బంతి విసరడం నేర్పుదాం: ప్రైమరీ స్కూల్ ఆటల పీరియడ్

టీచర్లందరికీ నమస్తే. ఈరోజు ఒకే ఒక్క విషయం. బంతి విసరడం. అంటే చేతిని భుజం మీదుగా తెచ్చి విసరడం, ఓవర్ ఆర్మ్ త్రో అంటాం కదా, అది.

"విసరడం కూడా నేర్పాలా సార్, రాళ్లు విసరొద్దురా అంటేనే వినరు" అంటారు. నిజమే. కానీ ఈ క్లిప్ ఒకసారి చూడండి. ఈ బాబు... ఇదిగో, ఇక్కడ ఆపుతున్నా. చేయి ఒక్కటే కదులుతోంది. కాళ్లు రెండూ ఉన్నచోటే ఉన్నాయి. నడుము తిరగనే లేదు. ఇప్పుడు ఈ పాపను చూడండి. పక్కకి తిరిగింది, అడుగేసింది, నడుము తిరిగింది, ఆ తర్వాత చేయి వచ్చింది. మళ్లీ చూపిస్తా. అడుగు, నడుము, చేయి. ఇద్దరిదీ మూడో తరగతే. ఆ పాపకి బలం ఎక్కువేమీ కాదు, ఒంటిని వాడుకోవడం వచ్చు, అంతే.

ఇది వయసుతో పాటు దానంతటదే వస్తుందని వదిలేస్తే కొంతమందికి ఎప్పటికీ రాదు. హైస్కూల్‌కి వెళ్లాక క్రికెట్లో త్రో, జావెలిన్, వాలీబాల్ సర్వీస్, బ్యాడ్మింటన్ స్మాష్, అన్నిటికీ మూలం ఈ కదలికే. అక్కడి పీఈటీ సార్, అంటే వ్యాయామం టీచర్, ఆయన దగ్గరికి వెళ్లేలోపు ఇది ఒంటబట్టాలి. మన ప్రైమరీ స్కూళ్లలో చాలాచోట్ల పీఈటీ ఉండరు, కాబట్టి ఎస్జీటీలు, అంటే ప్రైమరీ క్లాసులు చెప్పే టీచర్లం, మనమే చూసుకోవాలి.

సరే, ముందు బంతులు. పిల్లకో బంతి ఉండాలి. ఒక్క బంతి, ముప్పైమంది పిల్లలు, పొడుగాటి లైను... దాన్ని ఆటల పీరియడ్ అనరు, రేషన్ షాపు అంటారు. డబ్బులేం అక్కర్లేదు. పాత సాక్సు, రెండు న్యూస్‌పేపర్ షీట్లు. పేపరు గట్టిగా ఉండ చుట్టండి, సాక్సులో కుక్కండి, మెలితిప్పి పైకి మడవండి, మళ్లీ మెలితిప్పండి. అయిపోయింది. పైన సెల్లోటేపు వేస్తే నాలుగు రోజుల్లో ఊడిపోతుంది. నేనైతే పాత సైకిల్ ట్యూబు తీసుకుని ఇలా రింగుల్లా కోసి తొడుగుతాను. పంక్చర్ షాపులో అడిగితే ఊరికే ఇస్తారు. కొన్ని రింగులు ఎక్కువే కోసి పెట్టుకోండి, ఇంకో పనుంది, చెప్తా. రబ్బరు బంతులు వద్దని కాదు, అవి పడ్డాక దొర్లుకుంటూ పోతాయి, సగం పీరియడ్ వాటి వెంట పరుగెత్తడానికే సరిపోతుంది. సాక్సు బంతి పడ్డచోటే ఉంటుంది.

గీత గీయండి, పిల్లల్ని గోడ వైపు నిలబెట్టండి, పిల్లకీ పిల్లకీ మధ్యలో చేయి చాపినంత దూరం. అందరూ ఒకే వైపు విసరాలి, మీరు చప్పట్లు కొట్టాకే బంతులు తెచ్చుకోవాలి. ఇది మీకు తెలిసిందే, ముందుకెళ్దాం.

నేర్పడం. పక్కకి తిరుగు, చేయి వెనక్కి, అడుగు, విసురు. విసిరాక చేయి అడ్డంగా అవతలి తొడ దాకా రావాలి. ఇలా. మళ్లీ... ఇలా. ఇంతే.

ఇంతే అన్నాను గానీ, ఆ మూడోది ఉంది చూశారూ, అడుగు? మొత్తం చిక్కంతా అక్కడే. కుడిచేత్తో విసిరే పిల్లవాడు కుడికాలే ముందుకు వేస్తాడు. ఇదిగో, స్లో మోషన్‌లో చూడండి. కుడిచేయి, కుడికాలు. రెండూ ఒకే వైపు వెళ్తే నడుము తిరగడానికి చోటే ఉండదు. తిరక్కపోతే ఇక బలం చేతిలోంచే రావాలి.

"ఎడమకాలు ముందుకు వెయ్యండి" అంటే సరిపోదు. ఒకటో తరగతిలో చాలామందికి కుడి ఎడమలు ఇంకా కుదరవు. పైగా మనం వాళ్లకి ఎదురుగా నిలబడి చూపిస్తాం, వాళ్లు అద్దంలో చూసినట్టు తిరగేసి చేస్తారు. ఎడమచేతి వాటం పిల్లలుంటే వాళ్ల గతి ఇంకా అన్యాయం. అందుకని కుడి, ఎడమ అనే మాటే ఎత్తకండి. మిగిలిన రింగు తీసుకుని, బంతి లేని చేతి వైపు కాలుంది కదా, ఆ మడమ పైన వదులుగా తొడగండి. బిగుతుగా వద్దు, వేలు దూరాలి. ఇప్పుడు "రింగు కాలు ముందుకు" అంటే చాలు. కుడిచేతి వాటమైనా ఎడమచేతి వాటమైనా ఒకటే మాట.

ఇంకా కుదరకపోతే రింగు కాలు గాల్లోకి ఎత్తి ఒక్క క్షణం ఆగమనండి. అది దించుతూనే విసరాలి. ఎత్తిన కాలే ముందు పడుతుంది, ఇంకో కాలు వేసే వీలే లేదు. చూడండి, ఇందాకటి బాబే... ఎత్తాడు, ఆగాడు... ఆఁ! నడుము తిరిగింది చూశారా! మీరూ చూపించేటప్పుడు పిల్లలకి వీపు చూపిస్తూ నిలబడండి.

ఒకసారికి ఒక్క మాటే చెప్పండి. ఒకటి, రెండు తరగతులకి "అడుగు... విసురు" చాలు. మోచెయ్యి, భుజం, చూపు అన్నీ కలిపి చెప్తే బిగుసుకుపోతారు.

ఇంకోటి. బకెట్ పెట్టి "ఇందులో వెయ్యి" అనకండి, ఇప్పుడే వద్దు. చిన్న గురి పెడితే పిల్లలు జాగ్రత్తగా మణికట్టుతో విదిలిస్తారు, అడుగూ ఉండదు, నడుమూ ఉండదు. గట్టిగా విసరమంటేనే ఒళ్లంతా కదులుతుంది. నేను గోడకి పాత నూనెడబ్బా రేకు వేలాడదీస్తాను, అంచులు సుత్తితో మడిచి. "మోగించండిరా" అంతే. ఇదిగో వినండి. తగిలితే ఢాం అంటుంది, ఇక వాళ్లకి మీరు చెప్పక్కర్లేదు. పక్క క్లాసులో పాఠం జరుగుతుంటే మాత్రం ఆ గోడ వద్దు!

ఎవరికొచ్చిందో ఎలా తెలుస్తుంది? దూరం కొలవకండి. డేల్ అల్రిక్ అని అమెరికా ప్రొఫెసర్, ఆయన 1985లో టీజీఎండీ అనే పరీక్ష తెచ్చారు, మూడు నుంచి పదేళ్ల పిల్లలకి పరుగు, గెంతడం, విసరడం లాంటి కదలికలు ఎలా వచ్చాయో చూడటానికి. అందులో బంతి ఎంత దూరం పోయిందని చూడరు, ఎలా విసిరారో చూస్తారు. చేయి కిందినుంచి వెనక్కి వెళ్లిందా, ఒళ్లు పక్కకి తిరిగిందా, అవతలి కాలు ముందుకొచ్చిందా, విసిరాక చేయి ఒంటికి అడ్డంగా వచ్చిందా. ఫోన్ స్లో మోషన్‌లో పెట్టి పక్కనుంచి తీయండి, ముందునుంచి కాదు. మన ఖేలో ఇండియా ఫిట్‌నెస్ పరీక్షల్లో మూడో తరగతి దాకా బీఎంఐ, ఒంటికాలి మీద ఫ్లెమింగో బ్యాలెన్స్, ప్లేట్ ట్యాపింగ్ అని రెండు బిళ్లల్ని చేత్తో మార్చి మార్చి గబగబా తట్టడం, ఇవి ఉంటాయి. విసరడం ఉండదు. రిజిస్టర్లో ఎక్కదని వదిలేస్తాం, అదీ సంగతి.

ఆడపిల్లలకి విసరడం రాదనే మాట కూడా వదిలేద్దాం. వాళ్ల చేతికి బంతి ఎన్నిసార్లు ఇచ్చామో చూసుకుంటే చాలు. పట్టుకోవడంలో చాలామంది వాళ్లే ముందుంటారు. అచ్చంగిల్లాలు, గచ్చకాయలు, మీ ఊళ్లో ఏమంటారో గానీ, రాయి పైకెగరేసి కింద రాళ్లు ఏరుకుని మళ్లీ పట్టుకోవడం ఏమన్నా తేలికా?

పట్టుకోవడం గురించి గబగబా చెప్పేస్తా. బంతి వస్తుంటే మొహం తిప్పుకుంటారు, కళ్లు మూసుకుంటారు. తిట్టకండి, అది భయం. చున్నీ ముక్క గానీ బెలూన్ గానీ పైకెగరేయించండి, మెల్లగా దిగుతుంది, కళ్లు దాని వెంటే వెళ్తాయి. తర్వాత సాక్సు బంతి, దగ్గరనుంచి.

చివరి పది నిమిషాలు ఏడు పెంకులాట. గురి ఇక్కడ పెట్టండి, ఇక పర్లేదు. సాక్సు బంతే, నడుము కిందే కొట్టాలి. పెంకులకి అంచులు పదునుంటే చెక్కముక్కలు పేర్చండి.

బెల్లు కొట్టే ముందు రింగులు తీయించడం మర్చిపోకండి, తొడుక్కుని ఇళ్లకెళ్లిపోతారు. వచ్చే వీడియోలో తొక్కుడుబిళ్ల, గళ్లు గీసే కొలతలతో సహా. ఉంటాను.