బిట్‌క్రషర్ వేస్తే చిప్‌ట్యూన్ అయిపోదు | గేమ్‌బాయ్ అనే నాలుగు సీట్ల షేర్ ఆటో

[షాట్: బల్ల మీద 1989 మోడల్ బూడిదరంగు గేమ్‌బాయ్, పక్కన సోల్డరింగ్ ఐరన్]

నమస్తే. ముందు ఒక కంప్లైంట్. సినిమా పాట తీసుకుంటారు, దాని మీద శబ్దాన్ని కావాలని గరుకుగా మార్చే బిట్‌క్రషర్ ప్లగిన్ వేస్తారు, గొంతులో ఇసుక పోసినట్టు గరగరలాడిస్తారు, కింద "ఎయిట్‌బిట్ వెర్షన్" అని రాసేస్తారు. బాబూ, అది చిప్‌ట్యూన్ కాదు. చిప్‌ట్యూన్ అంటే పాత గేమ్ మెషీన్ల సౌండ్ చిప్‌తో చేసే సంగీతం. రికార్డయిపోయిన పాటను పాడుచేయడం అంతే.

నింటెండో వాళ్ల చేతి గేమ్ మెషీన్ గేమ్‌బాయ్‌లో మామూలుగా రికార్డింగ్ ఉండదు. చిప్ అప్పటికప్పుడు తరంగాన్ని పుట్టిస్తుంది. పైకీ కిందికీ నిలువుగా దూకే ఆ తరంగం, స్క్వేర్ వేవ్, గరుకుగా ఉండదు, కత్తిలా ఉంటుంది. ఇంకోటి, ఆ "ఎయిట్‌బిట్" ప్రాసెసర్ లెక్క. సౌండ్ చానెల్ వాల్యూమ్ నాలుగు బిట్లే, అంటే 16 మెట్లు. పేరే తప్పు, కానీ ఇప్పుడు దాన్ని మార్చే ఓపిక ఎవరికీ లేదు.

[షాట్: విశాఖపట్నం, ఎన్‌ఏడీ జంక్షన్, ఆటోలు]

గాజువాక నుంచి మద్దిలపాలెం వెళ్లే షేర్ ఆటో ఊహించుకోండి. ఇందులో నాలుగే సీట్లు, సీటుకి ఒక్కరే. డ్రైవర్ ఎంత బతిమాలినా అయిదో మనిషి ఎక్కడు. గేమ్‌బాయ్ సౌండ్ అంటే ఇదే: ఏ క్షణాన చూసినా నాలుగు శబ్దాలకు మించి రావు.

మొదటి రెండు సీట్లు పల్స్ చానెళ్లు. ఒక్కోదానికి నాలుగు ఆకారాలు: 12.5, 25, 50, 75 శాతం, అంటే ఒక్కో తరంగంలో అంతసేపు పైన, మిగతాసేపు కింద. 12.5 సన్నగా, ముక్కుతో పాడినట్టు ఉంటుంది. 50 బోలుగా, గుండ్రంగా ఉంటుంది. 25, 75 విడిగా వింటే చెవికి ఒకటే, తరంగం తలకిందులవుతుంది అంతే. "నాకు తేడా తెలుస్తోంది" అనేవాళ్లతో వాదించకండి. మూడో సీటు వేవ్ చానెల్. ఇందులో తరంగాన్ని 32 చుక్కలతో మీరే గీసుకోవచ్చు, కానీ వాల్యూమ్ మాత్రం సున్నా, పావు, సగం, పూర్తి, ఈ నాలుగే. నాలుగోది నాయిస్, డ్రమ్ముల సీటు.

ఇప్పుడు అసలు సమస్య. స, గ, ప మూడూ ఒకేసారి మోగాలి, అంటే కార్డ్ కావాలి. ముగ్గురికి మూడు సీట్లిస్తే మెలొడీ నిలబడి రావాలి. అందుకని ముగ్గుర్నీ ఒకే సీట్లో కూర్చోబెడతాం, ఒకరి ఒళ్లో ఒకరిని కాదు, ఒకరి తర్వాత ఒకరిని. స లేస్తాడు, గ కూర్చుంటాడు, గ లేస్తాడు, ప కూర్చుంటాడు. ఇది ఎంత వేగంగా జరగాలంటే బయట నిలబడ్డవాడికి ముగ్గురూ కూర్చున్నట్టే కనిపించాలి.

గేమ్‌బాయ్‌లోనే పాటలు రాసే సాఫ్ట్‌వేర్ ఎల్‌ఎస్‌డీజేలో దీనికి సి కమాండ్. సి పక్కన 47 రాస్తే మేజర్ కార్డ్: షడ్జమం నుంచి నాలుగు మెట్లు పైన అంతర గాంధారం, ఏడు మెట్లు పైన పంచమం. 37 రాస్తే సాధారణ గాంధారం వస్తుంది, అంటే మైనర్. ఎల్‌ఎస్‌డీజే కాలాన్ని టిక్‌లనే చిన్న ముక్కలుగా కొలుస్తుంది. మామూలు గ్రూవ్‌లో, అంటే లయ సెట్టింగ్‌లో, స్టెప్పుకి 6 టిక్‌లు, బీటుకి 4 స్టెప్పులు. టెంపో 150, అంటే నిమిషానికి 150 బీట్లు పెడితే సెకనుకి 60 టిక్‌లు. టిక్‌కి ఒక స్వరం చొప్పున ఆ ముగ్గురూ సెకనుకి 20 చుట్లు తిరుగుతారు. ఆ వణుకే చిప్‌ట్యూన్ సంతకం. ఎవరో స్టైల్ కోసం పెట్టింది కాదు, సీట్లు లేక పుట్టింది. టెంపో 75కి దించి చూడండి, చుట్లు పదే అవుతాయి, కార్డ్ విడిపోయి స్వరాలు విడివిడిగా పరిగెత్తుతున్నట్టు వినిపిస్తాయి. నెమ్మది పాట ట్రై చేసి "నాది ఎందుకు అలా రావట్లేదు" అంటారు కదా, కారణం ఇదే.

[స్క్రీన్: ఫ్రేజ్ పేజీ, 16 వరుసలు]

అదే ఆటోలో కిక్కూ (పెద్ద డ్రమ్ దెబ్బ), బేసూ (కింది స్వరాలు). రెండిటికీ వేవ్ సీటే కావాలి. ఎల్‌ఎస్‌డీజేలో పాట ముక్కని ఫ్రేజ్ అంటారు, అందులో వరుసలు 0 నుంచి 9, ఆ తర్వాత ఏ నుంచి ఎఫ్ దాకా, మొత్తం 16. కిక్ 0లో, 8లో. స్వరాన్ని పైన మొదలుపెట్టి పి కమాండ్‌తో గబుక్కున కిందికి జార్చాలి. మెల్లగా జారిస్తే కిక్ రాదు, లేజర్ తుపాకీ వస్తుంది. కిక్ రెండు వరుసలు కూర్చుని దిగిపోతుంది, బేస్ 2లో ఎక్కుతుంది. వినేవాడికి బేస్ ఆగినట్టు తెలియదు, కిక్ దెబ్బ ఆ ఖాళీని కప్పేస్తుంది. నాయిస్‌లో కూడా అంతే: స్నేర్ 4లో, సి అనే వరుసలో, మిగతా చోట్ల హై‌హ్యాట్. శబ్దం తోక పొడవైతే కె కమాండ్‌తో కోసేయండి.

ఈ ఎల్‌ఎస్‌డీజే యోహాన్ కోట్లిన్‌స్కి రాసింది. దానికంటే ముందు, 1998లోనే, ఒలివర్ విట్‌చో నానోలూప్ అనే ఇలాంటి సాఫ్ట్‌వేర్ చేశాడు. నానోలూప్ గీతలు గీసి ఆడుకునేవాళ్లకి, ఎల్‌ఎస్‌డీజే లెక్కలు రాసేవాళ్లకి.

సరే, మోడ్‌లు, అంటే గేమ్‌బాయ్‌ని విప్పి చేసే మార్పులు. "మోడ్ చేస్తే సౌండ్ మారుతుందా?" అని అడుగుతారు. ప్రోసౌండ్ మోడ్ ఆటోలో కొత్త సీటు వేయదు, తలుపు బాగుచేస్తుంది, అంతే. లోపల పుట్టిన సిగ్నల్ వాల్యూమ్ చక్రం, ఆంప్లిఫయర్ దాటి హెడ్‌ఫోన్ జాక్‌కి వచ్చేసరికి కొంత గుయ్‌మనే శబ్దం, కొంత సన్నబడిన బేస్ మోసుకొస్తుంది. మనం చక్రానికి ముందే సిగ్నల్ పట్టుకుంటాం.

వెనక స్క్రూలకి మూడు రెక్కల బిట్ కావాలి, మామూలు ప్లస్‌తో తిప్పితే తల అరిగిపోతుంది. తెరిచేటప్పుడు రెండు ముక్కలూ సర్రున లాగకండి, మధ్యలో రిబ్బన్ కేబుల్ ఉంటుంది. వాల్యూమ్ చక్రం పిన్నుల్లో ఎడమ, కుడి, గ్రౌండ్ ఏవో మల్టీమీటర్‌తో తేల్చుకోండి, ఫొటో చూసి నమ్మొద్దు. ఐరన్ 330–350 డిగ్రీలు, 60/40 లెడ్ సోల్డర్ తీగ, పిన్నుకి రెండు మూడు సెకన్లు. అంతకంటే ఎక్కువసేపు ఆనిస్తే బోర్డు మీది రాగి లేచిపోతుంది. షీల్డ్ ఉన్న సన్న వైర్ వాడండి. 3.5 మిల్లీమీటర్ల జాక్‌కి సాధారణంగా 6 మిల్లీమీటర్ల రంధ్రం సరిపోతుంది. డ్రిల్ చేసే ముందు జాక్ లోపలివైపు బ్యాటరీ గది గోడకి తగులుతుందేమో పెట్టి చూడండి. చాలామంది రంధ్రం పెట్టాక చూస్తారు. ఈ వైర్లూ జాకులూ అన్నీ డాబాగార్డెన్స్ వైపు తిరిగితే దొరుకుతాయి. ఆ మూడు రెక్కల బిట్ మాత్రం మొబైల్ రిపేర్ వాళ్లని అడగండి.

బిగించాక "వాల్యూమ్ పనిచేయట్లేదు" అని కంగారు పడకండి. చక్రానికి ముందే తీసుకున్నాం కాబట్టి కొత్త జాక్ మీద అది పనిచేయదు. సౌండ్ కూడా హెడ్‌ఫోన్ కంటే తక్కువే వస్తుంది, మిక్సర్‌లో గెయిన్ పెంచుకోవాలి.

నిజంగా సౌండ్ మార్చేది క్లాక్ మోడ్, అంటే చిప్ నడిచే వేగాన్నే మార్చడం. 4.194304 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ తీసి ఎల్‌టీసీ1799 ఆసిలేటర్, ఒక పొటెన్షియోమీటర్ (తిప్పే నాబ్) పెడితే శ్రుతి, టెంపో రెండూ కలిసి కదులుతాయి. మరీ పైకి తిప్పితే హ్యాంగ్ అవుతుంది. స్టేజ్ మీద సరదాగానే ఉంటుంది, పక్కవాడు గిటార్ పట్టుకుని ఉంటే కాదు.

[షాట్: ఆర్కే బీచ్, సాయంత్రం]

బ్యాక్‌లైట్ గురించి ఒక్క మాట. స్క్రీన్ వెనక అద్దంలాంటి పొర ఒలిచేసి లైట్ ప్యానెల్, పోలరైజర్ పెడతాం. చీకట్లో అద్భుతం. అదే బీచ్ రోడ్డులో మధ్యాహ్నం నాలుగింటికి షో అయితే ఏమీ కనబడదు, ఎండని తిప్పికొట్టే పొర మనమే తీసేశాం కదా. పగటి షోకి మోడ్ చేయని స్క్రీనే మేలు. నిలువు గీతలు మాయమైతే మాత్రం స్క్రీన్ కింది రిబ్బన్ మీద ఐరన్ మెల్లగా జరపండి, చాలాసార్లు తిరిగొస్తాయి.

ఇక మన ఊరి ఉప్పు గాలి. బ్యాటరీ రేకులు పచ్చబడతాయి, కార్ట్ (గేమ్ క్యాసెట్) పిన్నులు నల్లబడతాయి. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఇయర్‌బడ్ చాలు. కార్ట్‌లోకి నోటితో ఊదకండి, ఉప్పు చాలదన్నట్టు ఉమ్మి కూడానా!

టైమైపోతోంది, స్టేజ్ సంగతులు గబగబా. ఎల్‌ఎస్‌డీజే లైవ్ మోడ్‌లో ఒక్కో సీటుని విడిగా ఎక్కించొచ్చు, దించొచ్చు. పానింగ్ ఎడమ, కుడి, రెండూ, అంతే. సగం ఎడమ అనేది లేదు. సౌండ్ అతను ఒక్క కేబులే గుచ్చాడా, కుడి వైపు మాత్రమే పంపిన మెలొడీ గోవిందా. అందుకే షోకి అన్నీ మధ్యలో పెట్టండి. కేబుల్ పొడవైతే డీఐ బాక్స్ (దూరం వెళ్లినా సిగ్నల్ పాడవకుండా చూసే పెట్టె) అడగండి. మైక్ లైన్‌కి నేరుగా గుచ్చాల్సి వస్తే ఫాంటమ్ పవర్ (మైక్ కోసం మిక్సర్ పంపే కరెంటు) ఆపించాకే గుచ్చండి. రెండు గేమ్‌బాయ్‌లుంటే లింక్ కేబుల్‌తో సింక్ చేస్తే ఎనిమిది సీట్లు. చాలా కార్ట్‌ల్లో పాటలు లోపలి బటన్ సెల్ మీద బతుకుతాయి, సెల్ పోతే పాట పోయినట్టే, కాబట్టి షోకి ముందే కంప్యూటర్‌లోకి దించుకోండి. అడాప్టర్ 6 వోల్టులు, కానీ మధ్య పిన్ను నెగటివ్. ఇంట్లో ఉన్న చాలా అడాప్టర్లకి మధ్యలో పాజిటివ్ ఉంటుంది, తెలియకుండా గుచ్చొద్దు. దానికంటే నాలుగు రీఛార్జబుల్ ఏఏ బ్యాటరీలు, ఇంకో నాలుగు జేబులో.