ఉజి నుంచి తోబా దాకా: స్ప్రింగ్‌షార్ప్‌లో జపాన్ గన్‌బోట్ల డిజైన్, పూర్తి రివ్యూ

నమస్కారం. నౌకాయుద్ధ సిమ్యులేషన్ ఆటల మీద వచ్చే వీడియోలు ఎక్కువగా డ్రెడ్‌నాట్లనే భారీ యుద్ధనౌకల చుట్టూ, పన్నెండంగుళాల ఫిరంగుల చుట్టూ తిరుగుతాయి. ఈ రివ్యూలో మనం అటువైపు వెళ్లడం లేదు. ఇరవయ్యో శతాబ్దపు తొలి సంవత్సరాల్లో జపాన్ నౌకాదళం సమకూర్చుకున్న గన్‌బోట్లను, అంటే తీరాల్లో, నదుల్లో తిరిగే చిన్న ఫిరంగి నౌకలను, స్ప్రింగ్‌షార్ప్ అనే ఉచిత డిజైన్ ప్రోగ్రామ్‌లో ఎంతవరకు నమ్మకంగా రూపొందించవచ్చో పరిశీలిద్దాం.

ముందుగా ఈ ప్రోగ్రామ్ ఏమిటో చెప్పుకోవాలి. స్ప్రింగ్‌షార్ప్ స్వయంగా ఆట కాదు. 1850 నుంచి 1950 వరకు గల యుద్ధనౌకలను కాగితం మీద కట్టడానికి పనికొచ్చే విండోస్ ప్రోగ్రామ్ ఇది. ఒక్కొక్కరు ఒక్కో దేశాన్ని తీసుకుని, ఏటా ఇంత బడ్జెట్ అని లెక్క వేసుకుని, ఒక రెఫరీ పర్యవేక్షణలో నౌకాదళాలను పెంచుకుంటూ ఆడే దీర్ఘకాలిక ఆటల్లో నౌకల డిజైన్లన్నీ దీని నుంచే వస్తాయి. పొడవు, వెడల్పు, డ్రాఫ్ట్, ఫిరంగులు, కవచం, వేగం, ఇంజిన్ తయారైన సంవత్సరం మనం ఇస్తే, బరువు ఎక్కడెక్కడ ఖర్చయిందో, నౌక నిలకడగా ఉంటుందో లేదో, దాని చట్రం తట్టుకుంటుందో లేదో ఒక రిపోర్టు రూపంలో అది చెబుతుంది. డ్రాఫ్ట్ అంటే నౌక నీటిలో మునిగి ఉండే లోతు. ఈ మాటను గుర్తుంచుకోండి, చివరిదాకా దీనితోనే మనకు పని.

రూల్ ద వేవ్స్ అనే కంప్యూటర్ ఆటలో కూడా నౌకల డిజైన్ ఉంది కదా, జపాన్‌ను ఎంచుకుని అక్కడే కట్టవచ్చు కదా అని అడగవచ్చు. కట్టవచ్చు, కానీ అది క్రూయిజర్లు, డిస్ట్రాయర్లు, కార్వెట్ల స్థాయిలో ఆలోచించే ఆట. నది గన్‌బోట్ అనే తరగతి అందులో లేదు. రెండడుగుల నీటిలో తేలే పడవను కట్టాలంటే వేరే పనిముట్టు కావలసిందే.

మొదటి పరీక్షకు నేను ఉజిని ఎంచుకున్నాను. 1903లో కురే నౌకాదళ కర్మాగారంలో కట్టిన ఈ గన్‌బోట్ బరువు సుమారు 620 టన్నులు, పొడవు 55 మీటర్లు, వెడల్పు 8.4 మీటర్లు, డ్రాఫ్ట్ రెండు మీటర్ల పైచిలుకు. ఆయుధాలు నాలుగు మూడంగుళాల ఫిరంగులు, కొన్ని మెషిన్ గన్లు. ఇంజిన్ల సామర్థ్యం సుమారు వెయ్యి అశ్వశక్తి, వేగం 13 నాట్లు (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు). ఈ వివరాలతో బ్లాక్ కోఎఫిషియెంట్ 0.62 దరిదాపుల్లో వస్తుంది. పొడవు, వెడల్పు, డ్రాఫ్ట్‌లతో ఒక పెట్టెను ఊహించుకుంటే అందులో నౌక శరీరం నింపే వాటా అది. ఈ సంఖ్య వస్తే చాలు, ఇది మరీ సన్నని టార్పెడో బోటూ కాదు, మరీ బొద్దు సరుకు ఓడా కాదు, సముద్రంలో తిరగగలిగిన మర్యాదస్తురాలైన చిన్న నౌక అని అర్థమవుతుంది.

ఇక్కడే ప్రోగ్రామ్ తన విలువను చూపిస్తుంది. రిపోర్టులో నౌక పొడవుకు సహజమైన వేగం అని ఒక వరుస ఉంటుంది. అడుగుల్లో పొడవుకు వర్గమూలం తీస్తే వచ్చే సంఖ్య అది. ఉజి పొడవు 180 అడుగులు, కాబట్టి సహజ వేగం 13.4 నాట్లు. నిజమైన ఉజి వేగం 13 నాట్లు. కురే ఇంజనీర్లు ఎక్కడ ఆగాలో తెలిసి ఆగారు. ఆ గీత దాటితే నౌక తన సొంత అలలను తోసుకుంటూ నడవాలి, ఇంజిన్ శక్తిలో పెద్ద వాటా ఆ అలలను పుట్టించడానికే పోతుంది, ఆ శాతాన్ని కూడా రిపోర్టు విడిగా చూపిస్తుంది.

కానీ ఆటగాళ్లం ఆగం. 16 నాట్లు ఉంటే బాగుండు అనిపిస్తుంది. అవసరమైన శక్తి వేగపు ఘనంతో పెరుగుతుందన్న సాధారణ సూత్రం ప్రకారం చూసినా 13 నుంచి 16కు వెళ్లడానికి దాదాపు 1,860 అశ్వశక్తి కావాలి, అలల భారాన్ని కలిపితే అంతకంటే ఎక్కువ. మూడు నాట్ల కోసం ఇంజిన్ గది ఇంచుమించు రెట్టింపవుతుంది, బొగ్గు గదులు పెరుగుతాయి, 620 టన్నుల్లో ఇవన్నీ ఇమడవు కాబట్టి బరువు పెంచాలి, బరువు పెంచితే నౌక లోతుగా మునుగుతుంది, లోతుగా మునిగితే ఏ తీరానికి చేరువగా వెళ్లడం కోసం దీన్ని కట్టామో ఆ తీరం దూరమైపోతుంది. పైగా 16 నాట్లతో అది తరమగలిగేదీ లేదు, తప్పించుకోగలిగేదీ లేదు. ఆ కాలపు డిస్ట్రాయర్లు 30 నాట్ల దగ్గర పరుగెడుతున్నాయి.

తీరానికి చేరువగా వెళ్లడం వల్ల ఏం లాభమో రష్యా-జపాన్ యుద్ధంలో 1904 మే 26న జరిగిన నాన్‌షాన్ పోరాటం చూపించింది. జపాన్ రెండవ సైన్యం ఇరుకైన భూసంధి మీద రష్యన్ల కోట కందకాలను ఢీకొంటున్నప్పుడు, పడమటి వైపున్న జిన్‌జౌ అఖాతం పెద్ద యుద్ధనౌకలు అడుగుపెట్టలేనంత లోతు తక్కువ. అక్కడికి వెళ్లి రష్యన్ల ఎడమ పక్క మీద గుళ్లు కురిపించినవి సుకుషి, హేయెన్, అకాగి, చోకాయ్ అనే పాత చిన్న నౌకలు. అదే రోజు తూర్పు వైపున రష్యన్ గన్‌బోట్ బోబర్ ఇదే పనిని జపాన్ సైన్యం మీద చేసింది. రెండు పక్షాల వద్దా పెద్ద యుద్ధనౌకలు ఉన్నాయి, అయినా ఆ నీటిలో పనికొచ్చినవి ఇవే. మీ ఆటలో రెఫరీ తీరపు లోతును లెక్కలోకి తీసుకోకపోతే గన్‌బోట్‌కు డబ్బు పెట్టడం శుద్ధ దండగ అని నిర్మొహమాటంగా చెబుతాను. ఆ నియమం ఉందో లేదో ముందు అడిగి తెలుసుకున్నాకే ప్రోగ్రామ్ తెరవండి.

ఆయుధాల విషయంలో నా అభిప్రాయం కాస్త కఠినంగా ఉంటుంది. నాలుగు మూడంగుళాల ఫిరంగులు ఒకేసారి పేలితే ఒక వైపు పడే గుళ్ల బరువు యాభై పౌండ్లు, అంటే 23 కిలోలు. రిపోర్టులో ఈ సంఖ్య చూసి చాలామంది చిన్నబోతారు, వెంటనే 120 మిల్లీమీటర్ల ఫిరంగి ఒకటి ముందు, ఒకటి వెనుక బిగిస్తారు. దీనికి చరిత్రలో ఆధారం లేకపోలేదు. 1912లో ససేబోలో జలప్రవేశం చేసిన సాగా మీద ఒక 120 మిల్లీమీటర్ల ఫిరంగి ఉంది. అయితే ఆ నౌక ఉజి కంటే పెద్దది, ఆ ఫిరంగి ఒక్కటే, మిగతావి మూడంగుళాలవే. ప్రోగ్రామ్ మీకు అడ్డుపడదు, స్థిరత్వం అంకె కిందికి జారుతున్నప్పుడు హెచ్చరిక వరుస మాత్రం చూపిస్తుంది. ఆ వరుసను తేలిగ్గా తీసుకోవద్దు. కాలం తర్వాతిదైనా ఒక ఉదాహరణ చెప్పాలి. 535 టన్నులకని డిజైన్ చేసిన చిదోరి తరగతి టార్పెడో బోట్ల మీద మూడు ఐదంగుళాల ఫిరంగులు, నాలుగు టార్పెడో గొట్టాలు ఎక్కించారు. ఆ తరగతిలోని తోమోజురు 1934 మార్చి 12న ససేబో దగ్గర తుఫాను సముద్రంలో బోల్తాపడింది, అందులోని వారిలో అత్యధికులు చనిపోయారు. చిన్న నౌక మీద పెద్ద ఫిరంగి కోరిక ఆటగాళ్లకే పరిమితం కాదన్నమాట.

చట్రపు బలం గురించి ఒక మాట. రిపోర్టులో దీనికి ఒక అంకె ఉంటుంది, 1.00 అంటే సరిపడా బలం. డిస్ట్రాయర్లకు, టార్పెడో బోట్లకు ఈ అంకె 0.50 ఉన్నా ఫర్వాలేదని ఆటగాళ్ల మధ్య ఒక ఒప్పందం నడుస్తోంది. ఆ వెసులుబాటును గన్‌బోట్‌కు వాడుకోవడం నాకు అన్యాయంగా తోస్తుంది. టార్పెడో బోటును తేలికగా కట్టేది వేగం కోసం. గన్‌బోట్ ఏళ్ల తరబడి దూర రేవుల్లో, మరమ్మతు సౌకర్యం పెద్దగా లేని చోట, నిదానంగా బతకవలసిన నౌక. 1.00 కంటే తగ్గనివ్వకండి.

ఇక నదిలోకి వెళ్దాం. అసలు కథ ఇక్కడ ఉంది, ప్రోగ్రామ్ తడబడేది కూడా ఇక్కడే.

1895 నాటి షిమొనొసెకి సంధితో షాషి, చోంగ్‌చింగ్, సుజౌ, హాంగ్‌జౌ రేవులు జపాన్ వ్యాపారానికి తెరుచుకున్నాయి, యాంగ్జీ ఎగువన యిచాంగ్ నుంచి చోంగ్‌చింగ్ దాకా జపాన్ ఓడలు నడపడానికి హక్కు వచ్చింది. వ్యాపారి ఓడ వెళ్లిన చోటికి జెండా కూడా వెళ్లాలన్నది ఆనాటి సామ్రాజ్యాల ధోరణి. చైనా ప్రజల నది మీద పరాయి దేశాల ఫిరంగులు పహరా తిరగడం ఏ కోణంలో చూసినా గర్వించదగిన చరిత్ర కాదు, జపాన్ పక్షం ఆడేటప్పుడు ఈ మాటను గుర్తుంచుకుంటే మంచిది. డిజైనర్ ఎదుట ఉన్న సమస్య మాత్రం నీటిదే. యిచాంగ్‌కు ఎగువన లోయల్లో ప్రవాహం ఉధృతంగా ఉంటుంది, వేసవి వరదకూ చలికాలపు ఎద్దడికీ మధ్య నీటిమట్టం ఎన్నో మీటర్లు మారుతుంది. బ్రిటిష్ నౌకాదళం థార్నీక్రాఫ్ట్ యార్డులో కట్టించిన వుడ్‌కాక్, వుడ్‌లార్క్ అనే పడవలు 1900లో చోంగ్‌చింగ్ చేరి దారి చూపించాయి. జపాన్ కూడా అదే యార్డుకు వెళ్లింది. సుమిదా 1903లో థార్నీక్రాఫ్ట్‌లో తయారై, భాగాలుగా ఓడలో షాంఘై చేరి, అక్కడ బిగించబడి, 1906లో సేవలోకి వచ్చింది. దాని తర్వాత యారో అనే మరో బ్రిటిష్ యార్డు కట్టిన ఫుషిమి వచ్చింది. 1911 నాటి తోబాతో జపాన్ ఈ పనిని ససేబోలో తానే చేసుకోగలిగే స్థితికి చేరింది.

సుమిదా కొలతలను ప్రోగ్రామ్‌లో పెట్టి చూడండి. పొడవు సుమారు 44 మీటర్లు, బరువు నూటికి కాస్త పైన టన్నులు, డ్రాఫ్ట్ సుమారు 60 సెంటీమీటర్లు. వెంటనే రిపోర్టులో వింతలు మొదలవుతాయి. డ్రాఫ్ట్‌తో పోలిస్తే వెడల్పు పన్నెండు రెట్లు కావడంతో స్థిరత్వం అంకె అవసరానికి మించి పైకి పోతుంది, సముద్రయోగ్యత అంకె పడిపోతుంది, సముద్రంలో చట్రం మీద ఒత్తిడి పడుతుందన్న హెచ్చరిక వస్తుంది. ఇవన్నీ నిజమే, కానీ నదిలో అక్కర్లేని నిజాలు. ఈ సూత్రాలు సముద్రపు నౌకల కోసం రాసినవి.

అంతకంటే పెద్ద లోటు ప్రొపెల్లర్ విషయంలో ఉంది. అరవై సెంటీమీటర్ల నీటిలో వెయ్యిన్నర మిల్లీమీటర్ల ప్రొపెల్లర్ మునగదు. థార్నీక్రాఫ్ట్, యారో యార్డులు దీనికి కనిపెట్టిన ఉపాయం ఏమిటంటే, పడవ అడుగు భాగంలో సొరంగం వంటి గాడి తీసి ప్రొపెల్లర్‌ను అందులో ఉంచడం. పడవ కదలగానే ఆ గాడిలోని గాలి బయటికి పోయి నీరు పైకెక్కి ప్రొపెల్లర్‌ను పూర్తిగా కప్పుతుంది. నది గన్‌బోట్ ఉనికే ఈ ఉపాయం మీద ఆధారపడి ఉంది, స్ప్రింగ్‌షార్ప్‌కు మాత్రం దాని గురించి ఏమీ తెలియదు. గాడి వల్ల పోయే తేలే శక్తిని, తగ్గే సామర్థ్యాన్ని మనమే ఊహించి, ఇతరాల బరువు కింద కొంత, ఇంజిన్ శక్తిలో కొంత అదనంగా కలుపుకోవాలి. నేను శక్తిని పది శాతం పెంచి పెడతాను. అది నా అంచనా మాత్రమే, మీ రెఫరీ ఒప్పుకోకపోవచ్చు.

సిబ్బంది లెక్క కూడా ఇలాగే ఉంటుంది. ప్రోగ్రామ్ నౌక బరువును బట్టి మనుషుల సంఖ్య చెబుతుంది. నది గన్‌బోట్‌లో ఒడ్డుకు దిగి కాపలా కాయవలసిన దళం ఉంటుంది, యాంగ్జీ వేసవిని తట్టుకోవాలంటే గాలి ఆడే గదులు డెక్ మీదే కట్టాలి, ఆ గదుల చుట్టూ తుపాకీ గుళ్లను ఆపే పలుచని ఉక్కు పలకలు కావాలి. ఈ బరువంతా ఎత్తున ఉంటుంది. రిపోర్టులో అవసరానికి మించి కనిపించిన ఆ స్థిరత్వం ఇందుకే వాడుకోవాలి. వెడల్పాటి చదును అడుగు ఉన్న పడవ మీద రెండంతస్తుల గదులు ఎందుకు నిలబడ్డాయో అప్పుడు మీకే తెలుస్తుంది. ప్రోగ్రామ్ నేరుగా చెప్పని ఈ విషయాన్ని దాని అంకెలతో కాసేపు కుస్తీ పట్టి మనం రాబట్టుకోవచ్చు, నాకు ఇందులో బాగా నచ్చిన భాగం అదే.

తోబా దగ్గరికి వచ్చేసరికి పరిస్థితి కొంత మెరుగవుతుంది. 250 టన్నులు, ఉజి అంతే పొడవు, డ్రాఫ్ట్ మాత్రం మీటరులోపు, మూడంగుళాల ఫిరంగులు రెండు, వేగం 15 నాట్లు. ఇక్కడ సహజ వేగపు గీతను దాటారు, కారణం ఎదురు ప్రవాహం. ప్రవాహం అయిదారు నాట్లుంటే 13 నాట్ల పడవకు మిగిలేది ఏడెనిమిదే. పైగా బరువు తక్కువ కాబట్టి గీత దాటినందుకు చెల్లించవలసిన శక్తి కూడా ఉజి విషయంలో ఉన్నంత భారంగా ఉండదు. సముద్రపు గన్‌బోట్‌కు వృథా అని నేను చెప్పిన వేగమే నదిలో అవసరం అవుతుంది.

ఇంటర్‌ఫేస్ సంగతి క్లుప్తంగా చెబుతాను: పాతకాలపుది, అందవికారమైనది, పనికి అడ్డురానిది. ఖర్చును పౌండ్లలో చూపిస్తుంది, మీ ఆట బడ్జెట్ టన్నుల్లో ఉంటే ఆ వరుసను పట్టించుకోనక్కర్లేదు. ఇంజిన్ సంవత్సరం గడిలో నౌక ప్రారంభించిన ఏడాదినే రాయండి. 1903 నౌకకు 1912 ఇంజిన్ పెట్టి బరువు మిగుల్చుకోవడం రెఫరీలు మొదట పట్టుకునే దొంగతనం.

నా తీర్పు రెండు ముక్కలుగా ఉంటుంది. ఉజి, సాగా వంటి సముద్రపు గన్‌బోట్లకు ఈ రిపోర్టును యథాతథంగా రెఫరీకి పంపవచ్చు. సుమిదా, ఫుషిమి, తోబా వంటి నది పడవలకు బరువుల పట్టికను మాత్రమే నమ్మండి, సముద్రయోగ్యత, చట్రపు ఒత్తిడి హెచ్చరికలను పక్కన పెట్టండి, ప్రొపెల్లర్ గాడికి, డెక్ మీది గదులకు మీరు కలిపిన అదనపు బరువులను రిపోర్టు అడుగున ఒక్కొక్కటిగా రాసి పంపండి. డిజైన్ మొదలుపెట్టేటప్పుడు ఫిరంగుల పేజీకి వెళ్లకుండా డ్రాఫ్ట్ గడిలో అంకె వేయండి, ఆ తర్వాత ఏ పేజీలో ఏం మార్చినా ఆ అంకెను కదలనివ్వకండి.