చేన్లో రాళ్ళు ఎందుకు తేలుతా ఉన్నాయి

పెద్దాయనలకి, చిన్నాయనలకి, అన్నలకి, అక్కలకి, వెనకాల నిలబడ్డ పిల్లోల్లకి అందరికీ నమస్కారం. ఈరోజు డిసెంబర్ 5, ప్రపంచ నేలల దినం, నాలుగు మాటలు మాట్లాడమన్నారు. నేను సైంటిస్టుని కాదు, మన కళ్యాణదుర్గం పక్క ఎర్ర నేలల్లో శెనక్కాయ పండించే ఇంట్లో పుట్టినోణ్ణి, పదేళ్ళుగా వాటర్‌షెడ్ పనుల మీద, అంటే వాన నీళ్ళనీ మట్టినీ ఆపే పనుల మీద, చేన్లెంబడి తిరుగుతా ఉన్నాను, చూసింది చెప్తాను.

మన చేన్ల కాడ అందరూ అనే మాట ఒకటుంది, "ఏటేటా రాళ్ళు ఏరుతానే ఉన్నాం, మళ్ళీ పుడతానే ఉన్నాయి" అని. మా జేజినాయన కూడా ఇదే అనేవాడు. రాళ్ళు పుట్టవు అన్నా. అవి మొదట్నుంచీ అక్కడే ఉన్నాయి, వాటిని కప్పుకున్న మట్టి పోయింది, అందుకే తేలినాయి. వంక కోసుకుపోతే అందరికీ కనపడతాది, ఫోటో తీసి వాట్సాప్‌లో పెడతాం, కానీ చేను మొత్తం మీద ఒక్క మిల్లీమీటరు పొర లేచిపోతే ఎవురికి కనపడతాది? ఎకరా మీద ఒక మిల్లీమీటరు అంటే నాలుగు ఘనపు మీటర్లు, తూకంలో దగ్గర దగ్గర 6 టన్నులు, రెండు ట్రాక్టర్ల మట్టి. చెరువు మట్టి తోలించుకుంటే ట్రిప్పుకి ఎంత ఇస్తా ఉన్నామో మీకే తెలుసు. 1983లో మన దేశం మొత్తానికి శాస్త్రవేత్తలు వేసిన లెక్కలో సగటున హెక్టారుకి ఏడాదికి 16 టన్నులకు పైగా పోతా ఉందని తేలింది, ఎకరాకి తిప్పి చూస్తే ఆరున్నర టన్నులు, అంటే నేను చెప్పిన ఆ మిల్లీమీటరే. అట్లాంటి మట్టి రెండు మూడు సెంటీమీటర్లు తయారవ్వాలంటే వెయ్యేళ్ళ దాకా పడతాదని ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ వాళ్ళు చెప్తారు.

పోయిన మట్టి యాడికి పోతాది? తుంగభద్ర డ్యామునే చూడండి. 1953లో కట్టి ముగించినప్పుడు 133 టీఎంసీలు పట్టేది, ఇప్పుడు 105 దగ్గర పడతాది, మిగతా చోటంతా పూడిక. ఆ డ్యాము నుంచి వచ్చే మన ఎగువ కాలువకి, అదే హెచ్చెల్సీకి, ఉన్న వాటా 32.5 టీఎంసీలు, దానికంటే కొంచెం తక్కువ నీళ్ళు పట్టే జాగాని మట్టే మింగేసింది. పైన ఎవురి చేన్లో నుంచో, ఏ గనిలో నుంచో వచ్చిన మట్టి కింద మన కాలువకి నీళ్ళు లేకుండా చేస్తా ఉంది, మనం వంకలోకి వదిలే మట్టి మన కిందోళ్ళ చెరువుని అట్లే పూడుస్తా ఉంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మట్టి కోత వంకలో మొదలవుతాదని అనుకుంటాం, కాదు, చినుకు పడ్డ చోటే మొదలవుతాది. పెద్ద వాన చినుకు సెకనుకి 9 మీటర్ల వేగంతో నేలని కొడతాది, గంటకి 30 కిలోమీటర్ల పైనే, టీవీఎస్ మీద పోయే స్పీడు. గట్టి వాన పడినాక ఇంటి గోడ కింద అడుగు, రెండడుగుల ఎత్తు దాకా ఎర్రగా చిమ్మి ఉంటాది చూసినారా, చేన్లో కూడా జరిగేది అదే. బోడి నేల మీద చినుకు పడగానే మట్టి చెదిరి, సన్న మట్టి పోయి నేలలో ఉండే సందులన్నీ మూసేస్తాది, పైన అట్ట కట్టినట్టు అవుతాది, ఇంక ఆ తర్వాత పడే నీళ్ళు లోపలికి దిగవు, పారడం మొదలుపెడతాయి. 50 మిల్లీమీటర్ల వాన అంటే ఎకరాకి 2 లక్షల లీటర్ల నీళ్ళు, ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ తిరిగే మన అనంతపురం జిల్లాలో ఆ ఒక్క వాన మనకి పదకొండో వంతు, అది మట్టిని, మనం వేసిన డీఏపీని తీసుకుని గెట్టు దాటి పోతా ఉంటే చూస్తా నిలబడతాం.

మా నాయన ఈ బాధ పడలేక ఒక ఏడు చేను కింది కొసన మంచి ఎత్తుగా గెనిమ, అంటే మట్టి గట్టు, వేయించినాడు, జేసీబీ పెట్టి, అప్పు చేసి. మరవ పెట్టలేదు. నీళ్ళు ఎక్కువైతే పోయే దోవ ఒకటి ఉండాల, దానికి రాళ్ళు పరిచి ఉండాల అని ఎవురూ చెప్పలేదు, మాకూ తోచలేదు. ఆశ్వీజంలో ఒక రాత్రి వాన దంచితే గెనిమ నడిమికి తెగి, కింద మా చిన్నాయన చేన్లో మనిషి దిగేంత గుంత పడింది. ఆ గుంత పూడ్చడానికి మూడేళ్ళు పట్టింది, మాటలు కలవడానికి ఇంకా ఎక్కువే పట్టింది. అప్పట్నుంచి నాకు ఒకటి బాగా అర్థమైంది, కింద ఒక్క గెనిమతో ఆపుదాం అనుకుంటే అది అయ్యే పని కాదు, పైనుంచే ఆపుకుంటా రావాల, వాలుకి అడ్డంగా దున్నాల, అడ్డంగానే గొర్రు పట్టాల, పది పన్నెండు సాళ్ళకి ఒకటి కాలువ మాదిరి వదలాల. ట్రాక్టరు డ్రైవర్లు పొడుగు వాటం చూసి వాలెంబడి తోలేస్తారు, మలుపులు తక్కువ, డీజిల్ మిగులుతాది, కానీ ఆ ప్రతి సాలూ నీళ్ళకి మనం తవ్విచ్చిన కాలువే. దయచేసి డ్రైవరుకి ముందే చెప్పండి, గంటకి నూరు రూపాయలు ఎక్కువడిగినా ఇవ్వండి.

రెండోది, నేల మీద కప్పు ఉండాల. మనం శెనక్కాయ వేరుతో సహా పీకుతాం, కట్టె, అంటే కాయ తీసిన చెట్టు, అంతా పశువులకి పోతాది, నవంబర్ నుంచి జూన్ దాకా నేల బోడిగా ఎండకి మాడతాది, ఆషాఢం గాలికి లేస్తాది. కణేకల్లు, బొమ్మనహాళ్ పక్క హగరి ఒడ్డున ఇసక దిబ్బలు చేన్ల మీదకి వచ్చినాయి, అది చూసినోళ్ళకి గాలి ఏం చేస్తాదో నేను చెప్పక్కర్లేదు. పటాన్‌చెరులో మెట్ట పంటల మీద పరిశోధన చేసే ఇక్రిశాట్‌లో 1976 నుంచి ఒక నల్లరేగడి చేన్లో పక్కపక్కనే రెండు పద్ధతులు చేస్తా వచ్చినారు, ఒకదాంట్లో పాత తీరుగా వానాకాలం బీడు పెట్టి రబీ పంట, రెండోదాంట్లో వెడల్పు బోదెలు, వానాకాలంలోనూ పైరు, ఎరువులు. రెండోదాంట్లో దిగుబడి సగటున హెక్టారుకి 5.1 టన్నులు, పాతదాంట్లో 1.1 టన్నులు, మట్టి పోవడం మటుకు పాతదాంట్లో పోయేదాని నాలుగో వంతు దగ్గరికి తగ్గింది. మనది ఎర్ర నేల, ఆ బోదెలు మనకి అట్లే పనికి రావు, అయితే వాన పడే నెలల్లో నేల మీద పచ్చగా ఏదో ఒకటి ఉండాలనేది మనకీ పనికొస్తాది.

మన రాష్ట్రంలో ప్రకృతి వ్యవసాయం వాళ్ళు వానలకి ముందే నవధాన్యాల విత్తనాలకి బంకమట్టి, బూడిద, ఆవు పేడ, మూత్రంతో చేసే జీవామృతం పట్టించి పొడి నేలలో చల్లుతా ఉన్నారు, చిన్న వానకే మొలుస్తాయి. ఆ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్ సంస్థ ఇచ్చే గుల్బెంకియన్ ప్రైజు కూడా వచ్చింది, ఇంకో ఇద్దరితో కలిపి. నేను అందరినీ ఎరువులు మానేయమని చెప్పను, అది వేరే చర్చ, కానీ ఆ విత్తనాలు చల్లడం మటుకు ఎవురైనా చేయొచ్చు. శెనక్కాయ తీసినాక పదును ఉంటే ఉలవలు చల్లండి, గింజ రాకపోయినా మేత అవుతాది. ఇక్కడ అక్కలు అడుగుతారు, కట్టె నేలకి వదిలేస్తే ఆవుకేం పెట్టాలని, న్యాయమైన ప్రశ్నే, అందుకే గెనిమల మీద గ్లిరిసిడియా అనే పచ్చిరొట్ట చెట్టు కొమ్మలు నాటుకోమంటా ఉన్నాను, ఆకు కోసి చేన్లో వేసుకోవచ్చు, వేరు గెనిమని పట్టుకుంటాది. గరిక పెరిగితే పీకొద్దు.

కౌలుకి చేసేవాళ్ళ సంగతి కూడా మాట్లాడాల. ఏడాదికో చేను మారేవాడు గెనిమ మీద ఎందుకు ఖర్చు పెడతాడు? భూమి ఉన్నాయన, చేసే ఆయన కూర్చుని మాట్లాడుకోవాల, గెనిమ ఖర్చు ఓనరుదే అనేది నా అభిప్రాయం.

రేపు పొద్దున ఏడింటికి ఉత్తరం గుట్ట కింద చేన్లలో మట్టం కొట్టి చూపిస్తాం. ఇంగ్లీషు 'A' అక్షరం ఆకారంలో కట్టిన మట్టం చూసే కట్టెలు మేము తెస్తాం, మీరు సున్నం గానీ ముగ్గుపిండి గానీ రెండు కేజీలు తెండి, ఒకే ఎత్తున్న గుర్తుల్ని కలిపి గీత గీస్తే ఆ గీత వంకర టింకరగా వస్తాది, వంకరగానే ఉండాల, తిన్నగా చేయొద్దు. పైచేను వాళ్ళు, కిందిచేను వాళ్ళు ఇద్దరూ రండి, మరవ యాడ పెట్టాలో ఇద్దరూ నిలబడి తేల్చుకోండి. మా చిన్నాయన కూడా వస్తానన్నాడు.